తెలుగులో దొరకని పుస్తకం మన కూటంలో చెప్పొచ్చా, చెప్పకూడదా?

పర్లాకిమిడి పాఠకుడు:

మొన్న ఆదివారం రానివాళ్ళ కోసం ముందు విషయం చెబుతాను. నెలకోసారి కలుస్తాం కదా, కథలూ నవలలూ కాకుండా ఈమధ్య చదివిన పుస్తకం ఒకటి తెచ్చి, పావుగంట దాని గురించి మాట్లాడి, మిగతావాళ్ళని చదవమంటాం. ఈసారి నేను పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఇంగ్లీషులో రాసిన 'లివింగ్ వితౌట్ ద డెడ్' పట్టుకెళ్ళాను. 2017లో వచ్చింది, మన కొండల్లోని సవర గిరిజనుల గురించి. చెప్పడం అవ్వగానే ఒకరు లేచి "ఇది తెలుగులో దొరుకుతుందా" అని అడిగారు. నాకైతే కనబడలేదన్నాను. అయితే ఇకమీదట తెలుగులో దొరికే పుస్తకాలే చెప్పాలి, చదవలేని పుస్తకం గురించి విని మేం ఏం చేసుకోవాలి అన్నారు. సగం మంది అవునన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

ఆ పుస్తకంలో ఏముందో చెబితే నా బాధ మీకు అర్థమవుతుంది. ఆయన 1970ల్లో కుర్రాడిగా మన కొండల మీదికి వచ్చాడు. అప్పట్లో సవర ఇంట్లో మనిషి పోతే, దహనంతో మాటలు అయిపోయేవి కావు. పూనకం వచ్చే ఆవిడ ఒకరు కూర్చునేది, పోయినవాళ్ళు ఆవిడ నోటితో మాట్లాడేవారు, ఇంట్లోవాళ్ళు చుట్టూ చేరి ఏడ్చేవారు, పోట్లాడేవారు, ఎందుకు వెళ్ళిపోయావని నిలదీసేవారు. అలా ఏళ్ళ తరబడి సాగేది. పోయిన కొత్తలో రోగాలు తెచ్చిపెట్టే మనిషి మెల్లగా నెమ్మదించి, చివరికి ఇంట్లో పుట్టిన పిల్లకి తన పేరు ఇచ్చేంత వరకూ. తర్వాత ఆయన మళ్ళీ మళ్ళీ వచ్చేసరికి కుర్రవాళ్ళు చాలామంది బాప్టిస్టులయ్యారు, పోయినవాళ్ళతో మాట్లాడేవాళ్ళే లేకుండా పోయారు. ఆ మార్పులో ఏం పోయింది, ఏం వచ్చింది అన్నదే పుస్తకం.

సెరంగో నుంచీ గుమ్మ నుంచీ వచ్చి మన ఊళ్ళో చింతపండూ చీపుర్లూ అమ్ముకుని వెళ్ళే మనుషులతో నేను చిన్నప్పటి నుంచి బేరాలాడుతున్నాను. వాళ్ళ ఇళ్ళల్లో ఇంత జరిగిందని నాకు తెలియదు. తెలుగులో లేదు కాబట్టి ఇది చెప్పకూడదంటే, మన పక్క కొండ గురించి మనమే నోరు మూసుకున్నట్టు కాదా?

ఇంకోమాట. వ్యావహారిక తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. సవర భాష గురించి 1931లో ఆయన తెచ్చిన పెద్ద పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది, 1938లో వచ్చిన నిఘంటువు కూడా సవర–ఇంగ్లీషే. ఆయనకి అడ్డు కాని ఇంగ్లీషు మనకెందుకు అడ్డు?

గుణుపురం టీచరమ్మ:

లేచి అడిగిన మనిషిని నేనే. చేతులెత్తినవాళ్ళ తరఫున కాదు, నా తరఫున చెబుతాను.

మాస్టారూ, మీరు గిడుగు వారి గురించి సగమే చెప్పారు. తెలుగు–సవర నిఘంటువు చేసింది కూడా ఆయనే. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పించింది ఆయనే. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఊరే వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు, భాష అంటే ఆయనకి అంత పట్టింపు.

నేను ఇరవై ఏళ్ళ నుంచి ఒడియా మీడియం పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. మన తెలుగు ఇళ్ళ పిల్లలు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు, పెళ్ళి శుభలేఖ ఇస్తే చదవలేరు. తెలుగు అచ్చులో కనబడే చోటు మాకు నెలకోసారి ఈ కూటమొక్కటే. అక్కడ కూడా ఇంగ్లీషు పుస్తకాలకే పెద్దపీట వేస్తే, ఆంధ్ర సరిహద్దులోని పాతపట్నం దాటి వెళ్ళి తెలుగు పుస్తకం కొని తెచ్చుకునే వాళ్ళు ఎవరు మిగులుతారు?

నాకు అంతకన్నా పెద్ద అభ్యంతరం వేరే ఉంది. మీరు పావుగంట చెప్పారు, కళ్ళకి కట్టినట్టు చెప్పారు. కానీ అందులో విటెబ్‌స్కీ ఎంత, మీరెంత? నాకెలా తెలుస్తుంది? కథయితే ఎవరి నోట విన్నా కథే. ఇది నిజం అని చెప్పే పుస్తకాన్ని మాత్రం తెరిచి చూసుకునే దారి ఉండాలి. ఆ దారి లేకపోతే నేను పుస్తకాన్ని నమ్మడం లేదు, మిమ్మల్ని నమ్ముతున్నాను.

దీనివల్ల ఒకసారి దెబ్బ తిన్నాను కూడా. పోయిన ఏడాది కూటంలో ఒకాయన గిరిజనుల గురించి రాసిన వెరియర్ ఎల్విన్ పుస్తకం గురించి చెప్పారు, సవరలు ఇళ్ళ గోడల మీద పోయినవాళ్ళ కోసం బొమ్మలు గీస్తారని. గీసేవారు అనలేదు, గీస్తారు అన్నారు. నేను అది విని వచ్చి తొమ్మిదో తరగతిలో అలాగే చెప్పేశాను. సవర పిల్ల ఒకతె లేచి "మా గోడ మీద ఏసుప్రభువు క్యాలెండరే ఉంది టీచర్" అంది. క్లాసంతా నవ్వారు, ఆ పిల్లని చూసి. ఆ పుస్తకం 1955 నాటిదని నాకు తర్వాత తెలిసింది. ఆ పిల్ల రెండు రోజులు బడికి రాలేదు.

రాయగడ నుంచి:

అక్కా, ఆ క్యాలెండర్ మాట చదివి మనసు చివుక్కుమంది. కానీ అక్కడ తప్పు ఇంగ్లీషుది కాదు కదా, సంవత్సరం చెప్పకపోవడానిది. తెలుగు పుస్తకమైనా అదే జరిగేది.

నేను ఫెలిక్స్ పడేల్, సమరేంద్ర దాస్ రాసిన 'అవుట్ ఆఫ్ దిస్ ఎర్త్' రెండు నెలలు పట్టి చదివాను. మన నియమగిరి కొండ, అల్యూమినియం తీసే బాక్సైటు ఖనిజం, అల్యూమినియం కంపెనీల గురించి. పెద్ద పుస్తకం, అక్కడక్కడా లెక్కలు నన్ను అలసిపోయేలా చేశాయి, అయినా చదవమనే చెబుతాను. కాకపోతే అది వచ్చింది 2010లో. అసలు ఘట్టం జరిగింది 2013లో, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కొండ మీద గని తవ్వాలా వద్దా అని గ్రామసభలనే అడగమంది, ఆ వానాకాలంలో 12 ఊళ్ళు వరసగా కూర్చుని పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. పుస్తకం చదివినవాడికి ఆ సంగతి అందులో దొరకదు. చెప్పేవాడు కలపాలి. అంటే చెప్పేవాడి నోరు అక్కరలేదనుకోవడం కూడా తప్పే.

నా సలహా ఇది. ఏ భాష పుస్తకమైనా తెచ్చుకోండి, కానీ అందులో రెండు పేజీలు తెలుగులోకి చేసి, జెరాక్సు తీయించి అందరికీ పంచాలి. ఏ సంవత్సరం పుస్తకమో పైన రాయాలి. అంత ఓపిక లేనివాళ్ళు ఆ పుస్తకం తేవద్దు.

జయపురం తాతగారి మనవడు:

రెండు పేజీల మాట నాకు నచ్చింది, నేను చేసి చూశాను కాబట్టి. జర్నలిస్టు సాయినాథ్ 1996లో తెచ్చిన 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్'లో మన కోరాపుట్, మల్కన్‌గిరి, నువాపడా, కలహండి ఉన్నాయి. నువాపడా ఎద్దుల కథ మీకు తెలుసో లేదో, పాలు పెరగాలని సర్కారు జెర్సీ రకం తెచ్చి, సంకరం చెడిపోకూడదని అక్కడి నాటు ఎద్దులన్నిటికీ విత్తులు కొట్టించింది. కోట్లు ఖర్చయ్యాక పుట్టిన సంకర దూడలు 8. ఖరియార్ ఎద్దు జాతి మాత్రం ఆ ప్రాంతంలో లేకుండా పోయింది.

ఆ భాగం నేను కాగితం మీద తెలుగులో రాసి మా తాతకి చదివి వినిపించాను. ఆయన జీవితమంతా పశువులతోనే గడిపిన మనిషి, ఇంగ్లీషు అక్షరం రాదు. మధ్యలో ఆపి "కొట్టించే ముందు ఊళ్ళో ఏ రైతునైనా అడిగారేటి?" అన్నాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకుంటే, అదే విషయం నడిచే చోట నేను రెండు వాక్యాలు వదిలేశానని తెలిసింది. తెలుగులో సరిగ్గా కుదరక వదిలేశాను. తాత అడక్కపోతే అవి పోయేవే. కాబట్టి వినేవాళ్ళు చదవలేకపోయినా తప్పు పట్టుకోగలరు అక్కా, విషయం వాళ్ళకి తెలిసినదైతే.

గుణుపురం టీచరమ్మ:

నీ తాతగారి మాట విన్నాక కొంచెం మెత్తబడ్డాను, అబద్ధం చెప్పను. ఆయన లాంటి మనిషి ఎదురుగా ఉంటే నా భయం సగం పోతుంది. కానీ రెండు పేజీలు ఎవరు ఎంచుతారు? చెప్పేవాళ్ళే ఎంచితే వాళ్ళకి నచ్చినవే వస్తాయి, 300 పేజీల్లో వాళ్ళ మాటని బలపరిచే రెండు పేజీలు దొరక్కుండా ఉంటాయా? ఒక పేజీ మీరు ఎంచండి, రెండోది వారం ముందు మాకు అధ్యాయాల పేర్లు చెబితే మేం అడుగుతాం. అది కష్టమైన పేజీ అయినా సరే, చేసుకు రావాలి.

బరంపురం కుర్రాడు:

నమస్తే అండి. నేను టైప్ చేయట్లేదు, ఫోన్‌లో మాట్లాడుతుంటే అదే రాస్తోంది, తప్పులుంటే ఏమీ అనుకోకండి. టీచర్ గారు చెప్పిన శుభలేఖ చదవలేని వాళ్ళలో నేనొకణ్ణి. మీ పోస్టులన్నీ ఫోన్ చదివి వినిపిస్తే విన్నాను. మీరు తెలుగులో దొరికేవే అంటే నేను కూటానికి వచ్చి ఏం చేయాలండి? ఇంగ్లీషు చదువుతాను, ఒడియా చదువుతాను, తెలుగు వింటాను. నాకు పుస్తకాల గురించి మాట్లాడుకోవాలని ఉండేది తెలుగులోనే, అమ్మతో అదే మాట్లాడతాను కాబట్టి. ఆ రెండు పేజీలు జెరాక్సు తీస్తే నాకు పనికిరావు. ఎవరైనా బయటికి చదవండి, ఆ కాగితం పట్టుకుని నేను వేలు పెట్టుకుంటూ కూడా వస్తాను. గుండ్రటి అక్షరాలు ఒడియాకీ తెలుగుకీ దగ్గరగానే అనిపిస్తాయి, నెమ్మదిగా పట్టుకుంటానేమో.

పర్లాకిమిడి పాఠకుడు:

బాబూ, నువ్వు తప్పకుండా రావాలి. ముందు రోజే వచ్చేయ్, మా ఇంట్లో ఉండొచ్చు.

టీచర్ గారూ, మీ షరతు ఒప్పుకున్నాను. నా పేజీ చేయడానికి నిన్న రాత్రి కూర్చున్నాను, ఒక్క మాట దగ్గర రెండు గంటలు ఆగిపోయాను. పోయినవాళ్ళని సవరలు సోనుం అంటారు. దెయ్యం అని రాస్తే భయం వస్తుంది, పుస్తకంలో ఉన్నది అది కాదు. పితృదేవత అంటే మన తద్దినం గుర్తొస్తుంది. ఆత్మ అంటే ఏదో ఉపన్యాసంలా ఉంది. విటెబ్‌స్కీ ఒకచోట దాన్ని జ్ఞాపకం అనే అర్థానికి దగ్గరగా తీసుకెళ్తాడు, కానీ జ్ఞాపకం వచ్చి మనిషికి జ్వరం తెప్పిస్తుందా అని మా ఆవిడ అడిగింది, నా దగ్గర జవాబు లేదు. పావుగంట ప్రసంగంలో ఈ మాట దగ్గర నేను గబగబా దాటేశాను, మీరెవరూ గమనించలేదు. మీరన్నది ఇదే కదా, నేను చెప్పిందెంత, ఆయన చెప్పిందెంత అని. ఆ విషయంలో మీరే కరెక్టు. తెలుగు పుస్తకాలే చెప్పాలన్న నియమానికి మాత్రం ఇంకా ఒప్పుకోను.

గుణుపురం టీచరమ్మ:

సోనుం అనే ఉంచేయండి మాస్టారూ, మార్చకండి. క్యాలెండర్ మాట చెప్పిన పిల్ల ఇప్పుడు పదో తరగతిలో ఉంది. నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి అప్పటి సంగతికి క్షమించమన్నాను. వాళ్ళ అమ్మమ్మ చిన్నప్పుడు పోయినవాళ్ళ మాటలు వినేదట. ఆదివారం వాళ్ళిద్దరినీ తీసుకొస్తాను, మీ రెండు పేజీలూ వాళ్ళ ముందు చదవండి. నేను అడిగే పేజీ కుర్రవాళ్ళు ఎందుకు మారారో ఆయన రాసిన చోటు. నియమం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.