పట్టు ముక్కల క్రేజీ క్విల్ట్: పూసలు ఎప్పుడు కుట్టాలి, దేనితో కుట్టాలి?

కుట్టుపెట్టె (కూకట్‌పల్లి)
అమ్మ పట్టు రవికెలు, చీర పోయి మిగిలిన గద్వాల అంచులు, పాత వెల్వెట్ జాకెట్లు అన్నీ కలిపి మల్లుగుడ్డ మీద అడ్డదిడ్డంగా అతికాను. క్రేజీ క్విల్ట్ పైభాగం తయారైంది. మంచం మీద పరిచే కొలత. ఇక అలంకరణ మిగిలింది. అతుకుల మీద ఏ కుట్టు బాగుంటుంది? పూసలు అస్తరు వేయకముందు కుట్టాలా, వేశాకా? మధ్యలో నెమలి అప్లిక్ (గుడ్డను ఆ ఆకారంలో కత్తిరించి పైన కుట్టడం) చేయాలని ఉంది, పట్టు అంచులు పోగులు పోగులుగా ఊడకుండా ఏం చేయాలి? ఉతకడం ఎలా? యూట్యూబు చూడమని మాత్రం చెప్పకండి. చూశాను. కుట్టు కన్నా వాళ్ళ గోళ్ళరంగే బాగా కనిపిస్తోంది.

దారపుండ
ఫెదర్ కుట్టు, అదే ఈకలా అటూ ఇటూ రెమ్మలు వేసుకుంటూ పోయేది. ఇంకో మాట లేదు. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు తీసుకుని పట్టు మీద వేయండి. వెల్వెట్ మీదైతే మూడు పోగులు ఉండాలి, రెండు వేస్తే ఆ నూగులో మునిగిపోతాయి. పక్క అతుకు మీద ఒకదాని మీదొకటి అడ్డంగా దాటే హెర్రింగ్‌బోన్ కుట్టు వేసి, దాని కొనకొనకూ ఒక ఫ్రెంచ్ నాట్ (సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడి) పెట్టండి. నా క్విల్టు చూసి మా ఆడపడుచు "మిషను మీద కుట్టావా వదినా" అంది. పొగడ్త అనుకుందట! ఆవిడతో నాకు ఇప్పటికీ ముక్తసరి మాటలే.

మగ్గం మేస్త్రి
పూసల సంగతి నన్ను అడగండి. మీసాలు రాకముందు నుంచి మగ్గం ముందే కూర్చున్నవాణ్ణి. పాతబస్తీలో నేను పని నేర్పినవాళ్ళు ఇప్పుడు సొంత దుకాణాలు నడుపుతున్నారు. గుడ్డను మగ్గానికి, అంటే మా చెక్క చట్రానికి, బిగించి ఆరి సూదితో (మొనకు చిన్న కొక్కెం ఉండేది) కుట్టండి. సూది మొన మీద నాలుగు పూసలు ఎక్కించి, కింద దారం పట్టుకుని లాగుతూ పోవడమే. మామూలు సూదితో ఒక్కొక్క పూసా ఏరుకుంటూ కూర్చుంటే మనవరాలి పెళ్ళి నాటికి పూర్తవుతుంది.

మారేడుపల్లి మామ్మ
మేస్త్రి గారూ, మా కోడలి పెళ్ళి రవిక ఆరి సూదితో కుట్టించిందే. రిసెప్షన్లో ఎవరి గాజో చేతి అంచుకు తగులుకుంది. అంతే, పూసలు జలజలా రాలి, ఫోటోలు తీసే అబ్బాయి వాటి మీద జారాడు. ఆరి సూదితో వేసేది గొలుసు కుట్టేగా, ఒక్కచోట తెగితే వరుసంతా లేచి వస్తుంది. మంచం మీద పరిచి, పిల్లలు ఎక్కి దొర్లే దుప్పటికి అదా కుట్టు? మామూలు సూదితో వెనక్కుట్టు వేసి, మూడు నాలుగు పూసలకొకసారి ముడి వేసుకోవాలి. ఆలస్యమైతే కానివ్వండి.

మగ్గం మేస్త్రి
అమ్మా, ముడి వేయని పనివాడి తప్పు సూది మీదకు తోయకండి. వరుస చివర ఒక కుట్టు వెనక్కి తీసి, ముడి వేసి, వెనుక పలచగా గమ్ము పట్టిస్తే ఎక్కడికీ కదలదు. సగం ధరకు చేసి పెట్టమని బేరమాడితే పనివాడు ముందు ఎగ్గొట్టేది ఆ ముడులే.

మారేడుపల్లి మామ్మ
బేరమాడామని మీకెవరు చెప్పారు? అడిగినంతా ఇచ్చాం. ఇంకో మాట. మధ్యలో తెగినప్పుడు చివరి ముడి ఏం చేస్తుంది? తెగినచోటి నుంచి మొదలు వైపుకు విడిపోతుంది. కావాలంటే ఒక పాత గుడ్డ మీద గొలుసు వేసి, మధ్యలో కత్తిరించి, లాగి చూడండి. మీసాల లెక్క తరువాత చూద్దాం.

నల్లకుంట నవ్వుల్
మామ్మగారూ, ఫోటోల అబ్బాయికి దెబ్బలేమైనా తగిలాయా?

పాతసరుకు
అసలు మంచం మీద పరచాలనే ఆలోచనే తప్పు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకు జపాను వస్తువులు వచ్చాయి. వాటిలోని అడ్డదిడ్డపు అమరికలు అమెరికా ఆడవాళ్ళకు తెగ నచ్చాయి. 1880ల్లో ఇంటింటా ఈ క్విల్టుల వెర్రి పట్టుకోవడానికి అదొక కారణం. చాలావాటిలో దూది ఉండదు. ముందుగదిలో సోఫా మీదో పియానో మీదో నలుగురూ చూసేలా వేసేవారు. ఇంకొకటి, అప్పట్లో పట్టుకు బరువు రావడానికి తగరం, ఇనుము లవణాలు పట్టించేవారు. ఆ లవణాలే పోగును తినేశాయి. అందుకే ఆనాటి క్విల్టుల్లో చుట్టూ కుట్లు నిక్షేపంగా ఉంటే మధ్యలో పట్టు చీలికలై కనిపిస్తుంది. కాబట్టి గోడకు వేలాడదీయండి.

బోడుప్పల్ భానుమతి
మా అమ్మ పట్టుచీరకు ఏ తగరమూ పట్టించలేదు, అయినా మడతల వెంబడి చీలింది. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద బీరువాలో ఉంచితే అంతే. కుట్టుపెట్టె గారూ, ఆ రవికె ముక్కలను వెలుతురుకు అడ్డంగా పట్టి చూశారా? సన్నని గీతలు కనబడితే అక్కడ పూస పెట్టకండి. పూస బరువుకు పట్టు దిగజారుతుంది. ఆ గీత మీద ఫెదరో మరొకటో కుట్టి కప్పేయండి.

తండాపిల్ల (దేవరకొండ నుంచి ఉప్పల్)
ఫిలడెల్ఫియా దాకా వెళ్ళారు, నల్గొండ దాకా రాలేకపోయారు. మా నాయనమ్మ కుట్టిన దుప్పట్లో ముక్కలున్నాయి, అద్దాలున్నాయి, గవ్వలున్నాయి. మా ఇంట్లో అందరం దాని మీదే పడుకుని పెరిగాం. పాతసరుకు గారి లెక్కన గోడకు కట్టి ఉంటే మాకు చలికాలం ఎలా గడిచేది? ఊడిపోతాయని భయపడే వారందరికీ చెబుతున్నాను, అద్దానికి రంధ్రం ఉండదు. ముందు దాని మీద రెండు పోగులు నిలువుగా, రెండు అడ్డంగా బిగించి పట్టుకుంటారు. తరువాత ఆ పోగుల్లోంచి దూరుస్తూ అంచు చుట్టూ దగ్గర దగ్గరగా కాజా కుట్టు వేసుకుంటూ వస్తారు. దారం అద్దం మీదకు కొంచెం ఎక్కి, చుట్టూ గట్టులా నిలబడుతుంది. నెమలి తోకలో కళ్ళకు అంతకన్నా ఏం కావాలి?

పాతసరుకు
నేను లంబాడీ పనిని తక్కువ చేయలేదు. అడిగింది క్రేజీ క్విల్ట్ గురించి, దాని పుట్టుక చెప్పాను.

తండాపిల్ల
పుట్టుక ఎవరూ అడగలేదండీ. పైన చూడండి.

సుల్తాన్ బజార్ సుందరి
పూసలు కొనడానికి కారులో వెళ్ళేవారికి నా సానుభూతి. సుల్తాన్ బజార్ మెట్రో దిగి నడవండి. సికింద్రాబాద్ వైపు వారికి జనరల్ బజార్ సందులు ఉండనే ఉన్నాయి. కొనే ముందు రెండు పూసలు అరచేతిలో వేసుకుని తడివేలితో రుద్దండి, రంగు అంటితే అక్కడే వదిలేయండి. లోపల వెండిపూత ఉన్నవి దీపం వెలుగులో మెరుస్తాయి గానీ నాలుగు ఉతుకులకు మసకబారతాయి. నంబరు పెరిగితే పూస సన్నబడుతుంది, పదకొండు నంబరు రెండు మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. చమ్కీల మీద ఇస్త్రీ పెట్టారో, కరిగి పెట్టెకు అంటుకుంటాయి. మందపాటి తువ్వాలు మీద బోర్లా వేసి వెనుక నుంచి చేయాలి.

గంగాభవాని
అమ్మ చీరలను కత్తిరించడానికి చేతులెలా వచ్చాయమ్మా? అంచులో పాత జరీ ఉంటే వెండి లెక్కన కొంటారు కదా.

బోడుప్పల్ భానుమతి
అమ్మి వెండి చేసుకుంటే అమ్మ చీర నిలిచినట్టా? ఇదెక్కడి న్యాయం గంగమ్మా? కరిగించే వాడి కొలిమిలో పడటం కన్నా కళ్ళెదుట ఉండటం మేలు.

గంగాభవాని
నేను నిలుస్తుందని అనలేదు. చినిగిన గుడ్డకు పూసలు, అద్దాలు, కూలీ అంతా కలిపి ఎంతవుతుందో లెక్కేసుకోమన్నాను. కొత్త పట్టుచీరే వస్తుంది.

బ్లౌజుల బాబాయి
నెమలి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. ముక్క వెనుక పలచని పేస్టింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే గుడ్డ) అంటించాకే కత్తిరించండి, పోగులు ఊడవు. కాలర్లలో వేసే మందపాటి బక్రం గుడ్డ వద్దు, నెమలి అట్టముక్కలా నిలబడుతుంది. చుట్టూ పావు అంగుళం వదిలి లోపలికి మడవండి. మెడ కింద వంపు లోపలికి తిరిగే చోట చిన్న చిన్న గాట్లు పెట్టండి, లేకపోతే ముడతలు పడుతుంది. కొమ్మలకు, తీగలకు గుడ్డను క్రాసులో కత్తిరిస్తే ఎటు తిప్పితే అటు వంగుతుంది. ఇవన్నీ అయ్యాకే పూసలు, పూసల తరువాతే అస్తరు. అప్పుడు ముడులన్నీ అస్తరు కింద దాగుతాయి.

మగ్గం మేస్త్రి
బాబాయి చెప్పింది నిజం. అస్తరు వేశాక మగ్గానికి బిగించడం కుదరదు. అతుకుల మందం దగ్గర ఆరి కొక్కెం ఇరుక్కుంటుంది, అది నేనూ ఒప్పుకుంటాను. అక్కడ మామూలు సూదే.

మారేడుపల్లి మామ్మ
క్రేజీ క్విల్టులో అతుకు లేని చోటు జానెడైనా దొరుకుతుందా మేస్త్రి గారూ?

కుట్టుపెట్టె (కూకట్‌పల్లి)
అందరికీ దండాలు. వెలుతురుకు పెట్టి చూశాను, రెండు రవికె ముక్కల్లో గీతలున్నాయి. వాటి మీద కుట్టు మాత్రమే వేస్తాను. నెమలి తోకకు అద్దాలు, పూసలు నెమలి చుట్టూ మాత్రమే. తలవైపు, కాళ్ళవైపు ఒక్క పూస కూడా ఉండదు. చీర అమ్మే ప్రశ్నే లేదు గంగాభవాని గారూ. ఉతకడం గురించి ఇస్త్రీ తప్ప ఎవరూ మాట్లాడలేదు, అది ఇంకోసారి అడుగుతాను. ఇప్పటికి ఒకటే సందేహం: రాగిరంగు గాజు పైపులు (సన్నని గొట్టం పూసలు) కొన్నాను, కుట్టిన మర్నాటికే దారం కోసుకుపోతోంది. దారం లోపమా, పైపుల లోపమా?

బ్లౌజుల బాబాయి
పైపుల కొసలు కత్తిరించిన గాజు అమ్మా, పదునుగా ఉంటాయి. పైపుకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి చిన్న గుండ్రటి పూస పెట్టి కుట్టండి, దారం ఆ పూస మీద వంగుతుంది. నూలు దారం కాకుండా పాలిస్టర్ దారం రెండు వరసలు తీసుకోండి.

దారపుండ
అది సరే, అతుకుల మీద ఫెదరేనా?