'టికెట్టు దక్కింది' అంటే ఏ టికెట్టు?

"ఆయనకి టికెట్టు దక్కింది" అంటాం కదా, బస్సు టికెట్టుకీ దీనికీ సంబంధం ఏంటని నిన్న ఒకరు అడిగారు. ఇంగ్లీషులో ఈ వాడుక అమెరికాది. 19వ శతాబ్దంలో చాలాకాలం అక్కడ బ్యాలెట్లు ప్రభుత్వం అచ్చు వేసేది కాదు, పార్టీలే తమ అభ్యర్థుల పేర్లన్నీ ఒక కాగితం మీద వేయించి ఓటర్లకి పంచేవి, ఓటరు దాన్ని తీసుకెళ్లి పెట్టెలో వేసేవాడు. ఆ కాగితమే టికెట్టు. 1888 తర్వాత ఒక్కో రాష్ట్రంలో ప్రభుత్వ బ్యాలెట్టు వచ్చింది, కాగితం పోయింది, మాట మిగిలింది. మన దగ్గర అలాంటి కాగితమంటే బీ ఫారమే, అది చేతిలో పడేదాకా అభ్యర్థికి టెన్షనే!

ఇంతకీ ఇచ్చేదెవరు? 1910 న్యూజెర్సీ గవర్నరు ఎన్నిక చూడండి (అక్కడ గవర్నరుని జనమే ఎన్నుకుంటారు, మన గవర్నర్ల లెక్క కాదు). డెమోక్రాట్ల పెద్ద జేమ్స్ స్మిత్ జూనియర్ పట్టుబట్టి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు వుడ్రో విల్సన్‌కి టికెట్టు ఇప్పించాడు. అప్పటిదాకా ఏ ఎన్నికలోనూ నిలబడని ప్రొఫెసరు, చెప్పినట్టు వింటాడనుకున్నారు. విల్సన్ రిపబ్లికన్ వివియన్ లూయిస్ మీద 49 వేల పైచిలుకు ఓట్లతో గెలిచాడు. తర్వాత స్మిత్ సెనేటు సీటుకి వస్తే (సెనేటంటే మన రాజ్యసభలాంటిది, అప్పట్లో సెనేటరుని రాష్ట్ర శాసనసభే ఎన్నుకునేది) విల్సన్ అడ్డం తిరిగి జేమ్స్ మార్టీన్‌ని గెలిపించాడు.

వ్యాఖ్య: ఏరు దాటి తెప్ప తగలేశాడన్నమాట!

జవాబు: స్మిత్ వైపు నుంచి చూస్తే అంతేనండీ. కానీ మార్టీన్ ప్రైమరీలో (పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లు ముందుగా చెప్పే ఎన్నిక) జనం ఓట్లతో నెగ్గినవాడు, స్మిత్ అందులో పోటీయే చేయలేదు. నాకైతే ఇక్కడ సామెత అతకదు. పైగా 1911లో విల్సన్ హయాంలో వచ్చిన జెరాన్ చట్టం అభ్యర్థిని ఎంచే పని ప్రైమరీ ఓటర్లకి అప్పగించింది.

వ్యాఖ్య: ప్రైమరీకి తెలుగు? పేపర్లో 'ప్రాథమిక ఎన్నిక' అని చూశాను.

జవాబు: అది వింటే నాకు ప్రాథమిక పాఠశాల గుర్తొస్తుంది, ప్రైమరీ అనే ఉంచేద్దాం. అసలు తమాషా 'దక్కింది'లో ఉంది. ఈ క్రియ వాడితే ఇచ్చినవాడి పేరు చెప్పక్కర్లేదు. 'ఇచ్చారు' అంటే మాత్రం ఎవరని వెంటనే అడుగుతారు.