ఉక్రెయిన్ ఫ్రంట్‌లైన్ మ్యాప్ సొంతంగా గీయాలి: మూడు మ్యాపుల్లో మూడు గీతలు, ఏది పట్టుకోవాలి?

మడివాళ_జంక్షన్ అడిగారు:

అందరికీ నమస్తే. బెంగళూరులో నెలకోసారి కలిసే మా తెలుగువాళ్ళ చర్చా బృందం కోసం, దొనేత్స్క్ ప్రాంతంలో ఫ్రంట్‌లైన్ నెలనెలా ఎటు జరిగిందో చూపించే మ్యాప్ ఒకటి చేస్తున్నాను. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ బాగానే వచ్చు. ఇబ్బందల్లా గీత దగ్గరే. ఒకే తేదీకి ఉక్రెయిన్ మ్యాప్ బృందం డీప్‌స్టేట్ ఒకచోట గీస్తుంది, అమెరికా అధ్యయన సంస్థ ఐఎస్‌డబ్ల్యూ ఇంకోచోట, రష్యా వైపు నుంచి రైబార్ అనే టెలిగ్రామ్ ఛానెల్ ఆ రెండింటికీ పడమరన.

అడగాల్సినవి రెండు. ఒకటి, ఈ మూడింట్లో దేన్ని ఆధారం చేసుకోవాలి, లేక టెలిగ్రామ్ వీడియోలు చూసి నేనే గీయాలా? రెండు, డీప్‌స్టేట్ గీతల్నే రెండు తేదీలకి గీసి మధ్య వైశాల్యం లెక్కపెడితే, వాళ్ళు ప్రకటించిన అంకెకి రెట్టింపు పైనే వస్తోంది. తప్పెక్కడుందో అంతుపట్టడం లేదు.

---

నక్షాపిచ్చి:

మూడింట్లో ఏదీ అసలు గీత కాదండి. మూడూ మూడు వేరే ప్రశ్నలకి జవాబులు. డీప్‌స్టేట్‌కి ఉక్రెయిన్ సైనిక వర్గాలతో సంబంధాలున్నాయి, కాబట్టి వీడియో బయటికి రాని మార్పులు కూడా వాళ్ళకి తెలుస్తాయి. అదే కారణంగా, తమ సైన్యానికి ఇబ్బంది అనుకున్నచోట ఆలస్యంగా మారుస్తారు. ఐఎస్‌డబ్ల్యూ ఎక్కువగా స్థలం తేలిన దృశ్యాల మీద ఆధారపడుతుంది, రష్యా చెప్పుకున్న ఆక్రమణని వేరే రంగులో వేరే పొరగా పెడుతుంది. రైబార్‌కి రష్యా ముందడుగు చెప్పడంలో ఉన్న తొందర వెనకడుగు చెప్పడంలో ఉండదు. అయితే రష్యా రక్షణ శాఖ గొప్పల్ని రైబారే కాదన్న సందర్భాలున్నాయి. అలాంటిది దొరికితే మాత్రం వదలకండి.

అందుకని గీతతో మొదలుపెట్టకండి. ముందు బిందువుల పొర. ఒక్కో వీడియోకి, ఫొటోకి ఒక బిందువు. గీత అనేది ఆ బిందువుల మీద మీరు తీసుకునే నిర్ణయం, అంతే. పట్టికలో ఈ గడులు తప్పనిసరి: ఘటన జరిగి ఉండగల తొలి తేదీ, చివరి తేదీ, పోస్టయిన తేదీ, ఎవరు కనిపిస్తున్నారు, ఏం చేస్తున్నారు (నడుస్తున్నారా, దాడి చేస్తున్నారా, దెబ్బ తింటున్నారా), వీడియో ఎవరిది, స్థలం ఎంత గట్టిగా తేలింది. ఘటన తేదీ ఒక్క గడిలో పెడితే తర్వాత ఏడుస్తారు. వారం కిందటి వీడియోని ఇవాళ విడుదల చేయడం రెండు వైపులా మామూలే. ఆ వారంలో ఊరు చేతులు మారి ఉండొచ్చు.

టెలిగ్రామ్ సమయం మీ ఫోన్ సమయంలోనే కనిపిస్తుందని మర్చిపోవద్దు. మాస్కోకీ మనకీ ఏడాది పొడుగునా రెండున్నర గంటల తేడా. కీవ్‌కి వేసవిలో రెండున్నర, చలికాలంలో మూడున్నర. అంటే చలికాలంలో కీవ్‌లో రాత్రి 8:30 దాటాక వచ్చిన ప్రతి పోస్టూ బెంగళూరులో మర్నాటి తేదీతో కనిపిస్తుంది. పట్టికంతా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) పెట్టుకుంటే ఈ గోల ఉండదు.

ఇక సాక్ష్యం బరువు. ఎవరైనా తమకి నష్టమైన విషయాన్ని తామే చూపిస్తే అదే అన్నిటికంటే బరువైనది. ఉక్రెయిన్ డ్రోన్ ఒక చెట్ల వరసలో రష్యా సైనికుణ్ణి కొట్టిన వీడియోని ఉక్రెయిన్ బ్రిగేడే పెట్టిందనుకోండి, రష్యావాళ్ళు అక్కడిదాకా వచ్చారని వాళ్ళే ఒప్పుకున్నట్టు. రష్యా తన గ్లైడ్ బాంబుని (విమానం దూరం నుంచి వదిలితే రెక్కలతో తేలుతూ వెళ్ళే బాంబు) ఒక భవనం మీద వేసి వీడియో పెడితే, ఆ భవనంలో ఉక్రెయిన్‌వాళ్ళు ఉన్నారని రష్యా నమ్ముతున్నట్టు. ఈ రెండూ అక్కడ ఉన్నారనే చెబుతాయి, పట్టు ఉందని చెప్పవు. పట్టు అనాలంటే నేనైతే అదే చోట వేర్వేరు రోజుల దృశ్యాలు కనీసం రెండు కావాలంటాను, ఆ మధ్యలో అవతలివాళ్ళ కదలిక కనిపించకూడదు.

స్థలం తేల్చడం గురించి. దొన్‌బాస్ (దొనేత్స్క్, లుహాన్స్క్ ప్రాంతాల) పొలాల మధ్య గాలి అడ్డుకోవడానికి నాటిన చెట్ల వరసలు పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. వరస పొడుగు చూసి సరిపోయిందనుకోవద్దు. వరసలో చెట్లు లేని ఖాళీ, మట్టిబాట కలిసే కోణం, కరెంటు టవర్ల మధ్య దూరం, గని మట్టిదిబ్బ, నీళ్ళ ట్యాంకు, ఇలాంటివి ఒకదానితో ఒకటి సంబంధం లేనివి మూడు కలవాలి. రెండే కలిస్తే 'అనుమానం' అని రాసి పక్కన పెట్టండి. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత చిత్రాలు తిప్పి చూడండి, ఎందుకంటే ఊరు నేలమట్టమయ్యాక కొత్త చిత్రంలో పోల్చడానికి ఇళ్ళ కప్పులే ఉండవు. తర్వాత ఏ వేళకి సూర్యుడు ఎటు ఉంటాడో చూపే సన్‌కాల్క్ సైటులో నీడ దిక్కు సరిచూడండి. ఉదయం అని రాసిన వీడియోలో నీడ తూర్పుకి పడిందంటే, మీరు పట్టిన చోటైనా తప్పు, వాళ్ళు చెప్పిన వేళైనా తప్పు.

తేదీకి పంట కూడా పనికొస్తుంది. గోధుమ జులైకల్లా కోతకొస్తుంది, పొద్దుతిరుగుడు సెప్టెంబరులో నల్లబడి నిలబడి ఉంటుంది. చెట్లకి ఆకు నిండుగా ఉండి, పోస్టు తేదీ జనవరి అయితే చూడనక్కర్లేదు.

---

అడయార్_అల:

రెండో ప్రశ్నకి నేను చెబుతాను. మీ ప్రాజెక్ట్ వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతుల్లో ఒకటి, కోడ్ ఈపీఎస్‌జీ 3857) ఉండి ఉంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నేపథ్యం వేస్తే క్యూజీఐఎస్ తరచూ అందులోకే పోతుంది. 48 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ ప్రొజెక్షన్ పొడుగుని సుమారు 1.49 రెట్లు సాగదీస్తుంది, వైశాల్యాన్ని 2.23 రెట్లు. నిజంగా 10 చ.కి.మీ. ఉన్నది 22 పైన చూపిస్తుంది. చెన్నైలో ఇదే తప్పు చేస్తే తేడా ఐదారు శాతమే కాబట్టి ఎవరూ పట్టించుకోరు, అక్కడ మాత్రం కొంప ముంచుతుంది.

చేయాల్సింది: ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో జామెట్రీ పేరు ఇచ్చి లెక్కపెట్టే ఏరియా ఫంక్షన్ వాడొద్దు, అది భూమి చదునుగా ఉందనుకుని వేసే లెక్క. డాలర్ గుర్తుతో మొదలయ్యే ఏరియా వాడండి, ప్రాజెక్ట్ సెట్టింగుల్లో ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి తీసుకునే కొలత) డబ్ల్యూజీఎస్ 84 అని ఉందో లేదో చూసుకుని. లేదా పొరలన్నీ ఈపీఎస్‌జీ 3035కి మార్చేయండి, అది సమవైశాల్య ప్రొజెక్షన్. యూటీఎం (భూమిని నిలువు జోన్లుగా కోసే ప్రొజెక్షన్) వాడాలనుకుంటే పొక్రోవ్స్క్, బఖ్మూత్ 37వ జోన్‌లో వస్తాయి, ఒరిఖివ్, ఖెర్సోన్ 36లో. జోన్ గీత 36 డిగ్రీల రేఖాంశం దగ్గర ఫ్రంట్‌ని అడ్డంగా కోస్తుంది, కాబట్టి మొత్తం ఫ్రంట్‌కి ఒక్క జోన్ అని మొండికేయకండి.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది, ఎక్కువమంది చేసేది. నెలనెలా గీతని మొదట్నుంచీ కొత్తగా గీస్తారు. ఫ్రంట్ వెయ్యి కి.మీ. పైమాటే. మీ మౌస్ సగటున 50 మీటర్లు ఒకే వైపుకి జరిగితే చాలు, 50 చ.కి.మీ. దానంతటదే 'ఆక్రమణ' అయిపోతుంది. అక్కడ ఒక్క సైనికుడూ కదిలి ఉండడు. అందుకని పాత పొరని కాపీ చేసి, సాక్ష్యం వచ్చిన ముక్కలోనే శీర్షాలు (గీత మలుపు తిరిగే బిందువులు) జరపండి. పక్కపక్క గీతల మధ్య సందు రాకుండా అతికించి ఉంచే స్నాపింగ్, టోపాలజికల్ ఎడిటింగ్ రెండూ ఆన్ చేసి ఉంచండి. తర్వాత ఆకారాల్లో లోపాలు సరిచేసే ఫిక్స్ జామెట్రీస్ టూల్, ఆపైన పాతదానికీ కొత్తదానికీ రెండు వైపులా డిఫరెన్స్ (ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని భాగం తీసే టూల్). వచ్చిన ముక్కల్లో సాక్ష్య బిందువు ఒక్కటీ లేనివాటిని తీసి చూడండి, చాలావరకు చెయ్యి జారినవే అయ్యుంటాయి. వచ్చినదీ పోయినదీ విడివిడిగా రాయండి. నికర అంకె ఒక్కటే ఇస్తే ఎదురుదాడులు అందులో మాయమవుతాయి.

ఇంకో మాట. 'నెలలో ఇన్ని చ.కి.మీ.' అనే అంకెలో కొంత భాగం, మ్యాప్ చేసేవాళ్ళు పాత బాకీ తీర్చిన రోజులది. మూడు వారాల కిందటే చేజారిన ఊరిని ఒక్కరోజు రంగు మార్చేస్తే, ఆ రోజు గ్రాఫ్ నిటారుగా లేస్తుంది. మార్చిన తేదీ మీద కాకుండా ఘటన తేదీల మధ్యలో పంచి చూపించండి.

---

జెండా_చూసి_నమ్మకు:

జెండా వీడియోలకి వేరే రంగు పెట్టుకోండి సార్. ఇద్దరు వెళ్ళి ఊరి చివరింటి ముందు జెండా పట్టుకుంటారు, పైనుంచి డ్రోన్ తీస్తుంది, సాయంత్రానికి రక్షణ శాఖ 'విముక్తి' ప్రకటన. ఆ ఇద్దరూ వెనక్కి వచ్చారో లేదో వీడియోలో ఉండదు. 2025 నవంబరు 20న ఖార్కివ్ ప్రాంతంలోని కుప్యాన్స్క్ పట్టేశామని రష్యా సైన్యాధిపతి గెరాసిమోవ్ ప్రకటించారు. డిసెంబరు 12న జెలెన్‌స్కీ అదే ఊరి పేరు బోర్డు ముందు నిలబడి వీడియో పెట్టారు. అలాగని ఆ వీడియో చూసి ఊరంతా నీలం (మ్యాపులో ఉక్రెయిన్ పట్టు రంగు) చేయడమూ తప్పే. బోర్డు ఊరి అంచున ఉంటుంది. ఆ బోర్డు దగ్గర ఆ రోజు నిలబడగలిగారు, అంతవరకే.

పేర్ల జాబితా కూడా ముందే చేసుకోండి. రష్యా ఛానెళ్ళు పాత పేర్లు రాస్తాయి: బఖ్మూత్‌ని అర్త్యోమొవ్స్క్, పొక్రోవ్స్క్‌ని క్రస్నోఅర్మేయ్‌స్క్, తొరెత్స్క్‌ని జెర్జిన్స్క్, మిర్నొహ్రాద్‌ని దిమిత్రొవ్. నొవొసెలివ్కా, ఒలెక్సాంద్రివ్కా అనే ఊళ్ళు లెక్కలేనన్ని. జిల్లా పేరు లేకుండా ఊరి పేరుతో వెతికి బిందువు పెడితే వంద కి.మీ. అవతల పడుతుంది.

---

మడివాళ_జంక్షన్:

2.23 అంటే కచ్చితంగా అదే, సరిచేస్తే అంకె దాదాపు కలిసింది. చాలా థాంక్సండి అడయార్ గారూ. ఇంకో రెండు: గ్రే జోన్, అంటే ఎవరి పట్టూ తేలని నేల, ఎంత వెడల్పు గీయాలి? ఉపగ్రహాలు పట్టిన వేడిని చూపే నాసా ఫర్మ్స్ సైటులో మంటల చుక్కలు చూసి ఫ్రంట్ ఎక్కడుందో చెప్పొచ్చని ఒక వీడియోలో విన్నాను, నిజమేనా?

---

నక్షాపిచ్చి:

గ్రే జోన్‌కి స్థిరమైన వెడల్పు లేదండి. చాలామంది గీతకి రెండు వైపులా బఫర్ టూల్‌తో ఒకే కొలత ఇచ్చేస్తారు, చూడ్డానికి బాగుంటుంది, అర్థం ఉండదు. చివరిసారి ఉక్రెయిన్‌వాళ్ళు కనిపించిన బిందువులు కలిపి ఒక గీత, చివరిసారి రష్యావాళ్ళు కనిపించినవి కలిపి ఇంకో గీత. మధ్యలో మిగిలింది గ్రే జోన్. కొన్నిచోట్ల అది 300 మీటర్లు ఉంటుంది, కొన్నిచోట్ల ఐదారు కిలోమీటర్లు. కొన్నిచోట్ల రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి, దాన్ని సరిచేయాలని చూడకండి. ఒకరి వెనకాల ఒకరు దూరిపోయిన చోట వాస్తవం అదే.

2025 ఆగస్టులో దొనేత్స్క్ ప్రాంతంలోని దొబ్రొపిల్లియా వైపు జరిగింది ఇందుకు ఉదాహరణ. రష్యా చిన్న చిన్న గుంపులు ఉక్రెయిన్ స్థావరాల మధ్య ఖాళీల్లోంచి పది కి.మీ. పైచిలుకు లోపలికి వెళ్ళాయి. మ్యాపుల్లో సన్నటి కొమ్ముల్లా కనిపించింది. ఆ కొమ్ములకి రంగు పూర్తిగా నింపినవాళ్ళు తర్వాతి వారాల్లో వెనక్కి చెరపాల్సి వచ్చింది. చొరబాటుని లోపల ఏటవాలు గీతలు నింపిన పొరగా, పట్టుని నిండు రంగుగా వేస్తే మీకా తిప్పలుండవు.

వినేవాళ్ళకి చెప్పాల్సింది ఇంకోటుంది. ఎఫ్‌పీవీ డ్రోన్లు (కెమెరా దృశ్యం చూస్తూ నడిపి గుద్దించే చిన్న డ్రోన్లు) గీతకి రెండు పక్కలా 15–20 కి.మీ. దాకా వాహనాల్ని వేటాడుతున్నాయి. మెజెస్టిక్‌లో బండెక్కితే వైట్‌ఫీల్డ్ చేరేదాకా దారి పొడుగునా ప్రమాదమే అన్నట్టు. అందుకే కందకాల్లో దగ్గర దగ్గరగా మనుషులు ఉండరు, ఒక్కో గుంతలో ఇద్దరో ముగ్గురో, మధ్యలో వందల మీటర్ల ఖాళీ. సన్నటి గీత ఒక్కటే చూపిస్తే జనం మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 నాటి కందకాల్ని ఊహించుకుంటారు.

---

సెంటినెల్_స్వామి:

ఫర్మ్స్ సంగతి. దానికి సమాచారమిచ్చే ఉపగ్రహ సెన్సర్లు రెండు: వీర్స్ చుక్క అంటే 375 మీటర్ల గడి, మోడిస్ అయితే ఒక కిలోమీటరు. చుక్క ఆ గడి మధ్యలో పెడతారు, మంట అక్కడే ఉందని కాదు. కాబట్టి దాంతో గీత జరపకూడదు. ఫ్రంట్‌లో ఏ భాగంలో వేడి పెరిగిందో చూసి వీడియోలు ఎక్కడ వెతకాలో నిర్ణయించుకోవడానికైతే భేషుగ్గా పనికొస్తుంది. జులై, ఆగస్టుల్లో కొయ్యకాళ్ళ మంటలు, ఎండుగడ్డి మంటలు కుప్పలుతెప్పలుగా వస్తాయి. ఉక్కు కర్మాగారాలు, థర్మల్ కేంద్రాలు ఏడాదంతా అదేచోట చుక్క పెడతాయి. 2021 నాటి చుక్కల్ని అదే నెలకి డౌన్‌లోడ్ చేసి పక్కన పెట్టి చూస్తే యుద్ధం వాటా ఎంతో ఒక అంచనా వస్తుంది. మబ్బు పట్టిన రోజు చుక్క లేకపోతే పోరు లేదని కాదు.

యూరప్ ఉపగ్రహాలు సెంటినెల్-2 తీసే చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్ అనే సైటులో ఉచితం, 10 మీటర్ల స్పష్టత, రెండు ఉపగ్రహాలతో ఐదు రోజులకోసారి. అందులో సైనికుడు కాదు కదా ట్యాంకు కూడా తెలియదు. ట్యాంకు నిరోధక కందకం తవ్విన మట్టి, కాలిన పొలం, పేలుళ్ళతో పొక్కులు తేలిన నేల, కొత్తగా పడిన బండి జాడలు తెలుస్తాయి. 12, 8ఏ, 4 బ్యాండ్లు (సెన్సర్ విడివిడిగా కొలిచే కాంతి పట్టీలు) కలిపి చూస్తే కాలిన చోటు తేటగా కనిపిస్తుంది, కాకపోతే మొదటి రెండూ 20 మీటర్లవి. రెండు తేదీల చిత్రాలు పక్కపక్కన పెట్టి, వీడియోలో కూలిన భవనం కప్పు ఏ తేదీదాకా నిలబడి ఉందో చూడండి. మీ పట్టికలో 'తొలి తేదీ' గడి నింపడానికి ఇంతకంటే మంచి దారి లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మబ్బులు, మంచు. నెలకి ఒక్క తేట చిత్రం దొరికినా అదృష్టమే. అప్పుడు తేదీల వెడల్పు పెరుగుతుంది, పెరగనివ్వండి.

దక్షిణానికి వెళ్తే ఒకటి చూసుకోండి. 2023 జూన్ 6న ద్నిప్రో నది మీది కఖోవ్కా ఆనకట్ట తెగి పైన జలాశయం ఎండిపోయింది. పాత నేపథ్య పటాల్లో అక్కడ ఇంకా విశాలమైన నీళ్ళే ఉంటాయి. ఆ నీటి అంచుని హద్దుగా తీసుకుని కోసిన పాలిగన్ (మ్యాపులో నేల ముక్క ఆకారం) వందల చ.కి.మీ. నేలని లెక్కలోంచి తీసేస్తుంది. నీటి పొరని ఆ తేదీ తర్వాతి సెంటినెల్ చిత్రం మీద మీరే మళ్ళీ గీసుకోండి.