మూడేళ్లుగా షెడ్డులో పడున్న మినీ ట్రాక్టర్: ఇంజిన్ పట్టేసింది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

భీమిలి తోట:
అందరికీ నమస్కారం. తోటలో పాత మినీ ట్రాక్టర్ ఒకటుంది. 18 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, హీటర్ ప్లగ్‌లున్న (స్టార్ట్ చేసే ముందు లోపల వేడిచేసేవి) డీజిల్ ఇంజిన్. సముద్రానికి కిలోమీటరు లోపే రేకుల షెడ్డు, మూడేళ్లుగా అక్కడే ఉంది. సైలెన్సర్ పైకి నిటారుగా ఉంటుంది, మూత లేదు. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోతోంది. తాడు కట్టి ఇంకో ట్రాక్టర్‌తో లాగితే కదులుతుందని ఊళ్లో అంటున్నారు. లాగొచ్చా? బానెట్, మడ్‌గార్డులు బాగా తుప్పు పట్టాయి. పని చేయించుకోవడానికి కాదు, సరదాగా బాగుచేసుకుందామని.

గాజువాక లేత్:
లాగొద్దు. సెల్ఫ్ కూడా ఇంక ముట్టుకోవద్దు. మూత లేని సైలెన్సర్ అంటున్నారు కాబట్టి వాన నీళ్లు నేరుగా లోపలికి పోయుంటాయి. ఇంజిన్ ఆగినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ ఏ సిలిండర్‌కి తెరుచుకుని ఉందో దాంట్లోకే నీళ్లు దిగుతాయి. అక్కడ పిస్టన్ రింగులు లైనర్‌కి, అంటే సిలిండర్ లోపలి గొట్టానికి, తుప్పుతో అతుక్కుంటాయి. లేదా పిస్టన్ మీద నీళ్లు నిలబడి ఉంటాయి. నీళ్లు నలగవు కదా, బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక్క సిలిండర్ పట్టేసినదాన్ని మొత్తం ఇంజిన్ పనిగా మార్చేది ఆ తాడే.

ముందు పట్టేసింది ఇంజినేనా అన్నది తేల్చుకోండి. గేరు న్యూట్రల్ చేసి, ఫ్యాన్ బెల్టు వదులు చేసి, డైనమో పుల్లీ, వాటర్ పంపు పుల్లీ చేత్తో తిప్పి చూడండి. వాటర్ పంపు బేరింగ్ తుప్పు పట్టి బిగుసుకున్నా సెల్ఫ్ కొన్నిసార్లు ఇలాగే టక్కుమంటుంది. అవి రెండూ తిరుగుతుంటే అప్పుడు ఇంజిన్ మీదకు రండి.

తర్వాత ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ కింద డ్రెయిన్ బోల్టు పూర్తిగా తీయకుండా నెమ్మదిగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు, ఉంటే ముందు అవే వస్తాయి. ఓ గ్లాసుడు నీళ్లు వచ్చాయంటే సిలిండర్ నుంచి రింగుల పక్కగా దిగాయని గానీ, హెడ్ గ్యాస్కెట్ పోయిందని గానీ అర్థం. రేడియేటర్‌లో నీళ్లు తగ్గాయో లేదో చూస్తే ఏదన్నది తెలిసిపోతుంది.

భీమిలి తోట:
పుల్లీలు రెండూ తిరుగుతున్నాయి. డ్రెయిన్ దగ్గర టీ గ్లాసులో సగం నీళ్లు, ఆ వెనక నల్లటి ఆయిల్. రేడియేటర్ నిండుగానే ఉంది.

గాజువాక లేత్:
అయితే సైలెన్సర్ దారే. ఇక ఇలా చేయండి అన్నా.

మూడు ఇంజెక్టర్లూ విప్పండి. కింద ఉండే రాగి వాషర్లు లోపలే ఉండిపోతాయి, కొక్కెం పెట్టి బయటికి లాగండి. విప్పిన పైపుల మూతులకి శుభ్రమైన గుడ్డ చుట్టండి, డీజిల్ పంపులోకి ఇసుక రేణువు పోయినా పంపు పాడవుతుంది. సన్నటి పైపు పెట్టిన సిరంజితో ఒక్కో సిలిండర్‌లోంచి నీళ్లు లాగేయండి.

తర్వాత పవర్ స్టీరింగ్‌లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ సగం, అసిటోన్ సగం కలిపి ఒక్కో సిలిండర్‌లో 30 మిల్లీలీటర్లు పోయండి. ఈ రెండూ నిలవ ఉంటే విడిపోతాయి, పోసే ముందు సీసా బాగా కుదపాలి. అసిటోన్ ఊరికే అంటుకుంటుంది, బీడీలూ వెల్డింగూ దూరంగా పెట్టండి. ఇవేవీ దొరక్కపోతే డీజిల్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ కలిపి పోసినా పనిచేస్తుంది, కాకపోతే ఎక్కువ రోజులు నానాలి.

రోజుకోసారి క్రాంక్ పుల్లీ నట్టుకి గొట్టం పానా వేసి, రెండడుగుల టామీ బార్‌తో చేతి బలం మాత్రమే పెట్టి చూడండి. ముందు నుంచి చూస్తే గడియారం తిరిగే వైపు. ఎదురు వైపు గట్టిగా లాగితే నట్టే ఊడొస్తుంది. వెంట్రుకవాసి కదిలినా అది గెలుపే. అక్కణ్ణుంచి అటూ ఇటూ ఊపుతూ పోవాలి, ఒకేసారి చుట్టు తిప్పేయాలని చూడకూడదు. బార్‌కి పొడుగు పైపు తొడిగే ఆలోచన వస్తుంది. రానివ్వకండి.

ఆ లోపు వాల్వ్ కవర్ తీసి ఒక్కో రాకర్‌ని (వాల్వ్‌ని నొక్కే చేయి) నొక్కి చూడండి. స్ప్రింగ్ ఉన్నా వాల్వ్ పైకి రాకుండా కిందే ఉండిపోతే గైడ్‌లో పట్టేసినట్టు. అలాగే తిప్పితే పిస్టన్ వచ్చి వాల్వ్‌ని గుద్దుతుంది, వాల్వ్ వంగుతుంది. ఏటీఎఫ్ పోసి వాల్వ్ తల మీద ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టి ఆడించండి. నా లెక్కలో పిస్టన్ నానబెట్టడం కన్నా ముందు చూడాల్సింది ఇదే, ఎవరూ చూడరు.

పది రోజులైనా కదలకపోతే హెడ్ విప్పాల్సిందే. అప్పుడు కూడా పైన నిలబడ్డ పిస్టన్‌ని కొట్టకూడదు, దెబ్బంతా రాడ్ మీదా బేరింగ్ మీదా పడుతుంది. సగంలో ఉన్న పిస్టన్ మీద చెక్క దిమ్మ పెట్టి తట్టాలి. లైనర్ మీద గోరు అడ్డంగా గీకి చూడండి. గోరు తగులుకునే గుంటలుంటే హోనింగ్‌తో, అంటే లోపలి గోడని సానరాయితో రుద్దడంతో, పోవు, లైనర్ మార్చాలి. రంగు మచ్చలు మాత్రమే అయితే హోన్ చేసి కొత్త రింగులు వేస్తే చాలు. తీసిన హెడ్ గ్యాస్కెట్ మళ్లీ వాడొద్దు.

డీజిల్ పంపు పని:
లేత్ అన్న చెప్పినదాంతో ఇంజిన్ తిరుగుతుంది. తిరిగిన ఉత్సాహంలో వెంటనే స్టార్ట్ చేసేయకండి, అసలు ప్రమాదం అక్కడుంది. మూడేళ్ల పాత డీజిల్ జిగురైపోతుంది. పంపు లోపల డీజిల్ ఎంత పోవాలో మార్చే కడ్డీ, రాక్ అంటారు, ఆ జిగురుకి ఫుల్ డీజిల్ దగ్గర ఇరుక్కుందనుకోండి, స్టార్ట్ అవగానే ఇంజిన్ రేజ్ (వేగం) పెరుగుతూనే పోతుంది. వేగాన్ని అదుపుచేసే గవర్నర్ కూడా ఆపలేదు, స్టాప్ గుంజినా ఆగదు. ట్యాంకు కాక్ కట్టేసినా ఫిల్టర్‌లో ఉన్న డీజిల్ అయ్యేదాకా నడుస్తుంది, ఆ లోపే రాడ్ బయటికి వస్తుంది.

బయట స్టాప్ లివర్ కదిలినంత మాత్రాన లోపల రాక్ కదిలినట్టు కాదు. పరీక్ష ఇది: ఇంజెక్టర్ పైపులు పంపు దగ్గర వదులు చేసి, స్టాప్ గుంజి ఉంచి, సెల్ఫ్‌తో తిప్పండి. పైపుల దగ్గర చుక్క కూడా రాకూడదు. స్టాప్ వదిలి తిప్పండి, మూడింటి దగ్గరా డీజిల్ ఎగరాలి. స్టాప్‌లో ఉన్నా వస్తోందంటే పంపు విప్పి షాపుకి ఇవ్వాల్సిందే. పంపు కింద సన్నటి షిమ్‌లు (పల్చటి రేకు ముక్కలు) ఉంటాయి, టైమింగ్ వాటిమీదే ఆధారపడి ఉంటుంది. ఎన్ని ఉన్నాయో అన్నీ అలాగే తిరిగి వేయాలి.

అంతా బాగున్నా సరే, మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైపు తీసేసి, ఇంజిన్ గాలి పీల్చే మూతికన్నా పెద్ద ప్లైవుడ్ ముక్క చేతిలో పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. రేజ్ పెరిగితే మూతికి అడ్డం పెట్టేయాలి. అరచేయి పెట్టకూడదు, గుడ్డ కూడా వద్దు, లోపలికి లాగేసుకుంటుంది.

ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడగండి. అడుగున నల్లటి నాచులాంటిది ఉంటే నీళ్లూ డీజిల్ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులు అవి. కడక్కుండా కొత్త ఫిల్టర్ వేస్తే గంటలో మూసుకుపోతుంది. రెండు లీటర్ల కొత్త డీజిల్ పోసి ఎయిర్ తీయండి: ముందు ఫిల్టర్ మీది స్క్రూ, బుడగల్లేకుండా డీజిల్ వచ్చాక బిగించి, తర్వాత పంపు మీది స్క్రూ, చివర్న ఇంజెక్టర్ దగ్గరి నట్లు. వరస తప్పితే మధ్యలో గాలి ఉండిపోతుంది, ఎంత సెల్ఫ్ కొట్టినా పొగ కూడా రాదు.

ఇంజెక్టర్లు ఎలాగూ విప్పారు కాబట్టి టెస్టర్ మీద ప్రెజర్ చూపించండి. ఈ రకం ఇంజిన్లకు సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 120 నుంచి 140 కేజీల మధ్య తెరుచుకోవాలి, మీ ఇంజిన్‌కు ఎంతో పుస్తకంలో చూసుకోండి. మూడూ ఒకేలా ఉండటం ముఖ్యం. స్ప్రే ముందు వేలు పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం లోపలికి దూరిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కంచరపాలెం వైరింగ్:
హీటర్ ప్లగ్‌ల సంగతి. పైన కలిపే పట్టీ తీసి ఒక్కోదాన్ని మల్టీమీటర్‌తో చూడండి. ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తే బాగున్నట్టు, ఏమీ చూపించకపోతే కాలిపోయినట్టు. హీటర్ ప్లగ్ ఉన్న ఇంజిన్‌లో స్టార్టింగ్ స్ప్రే కొట్టకూడదు. వేడి ప్లగ్‌కి తగిలి పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది, పిస్టన్ పగులుతుంది.

సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర 9.6 వోల్టులకు తగ్గకూడదు. బ్యాటరీ బాగుండి కూడా సెల్ఫ్ నీరసంగా తిరిగితే ఎర్త్ పట్టీ విప్పి చూడండి. సముద్రం పక్కన పైకి బాగానే కనిపిస్తుంది, బోల్టు కింద పచ్చగా పొడై ఉంటుంది. స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.4 దాకా చూపిస్తే ఛార్జింగ్ సరే.

భీమిలి తోట:
అన్నలూ, ఇంజిన్ కదిలింది! మధ్య సిలిండర్‌లోనే నీళ్లున్నాయి. ఆ సిలిండర్ వాల్వ్ ఒకటి నిజంగానే ఇరుక్కుని ఉంది, తడితే వచ్చింది. ఇప్పుడు చేత్తో చుట్టు తిరుగుతోంది. పంపు పరీక్ష ఇంకా చేయలేదు. ఈలోపు తుప్పు సంగతి చెప్పండి. గ్రైండర్‌తో వైర్ బ్రష్ కొట్టి రెడ్ ఆక్సైడ్ వేసేస్తే సరిపోదా?

గాజువాక లేత్:
చుట్టు తిరిగింది కదా, ఇప్పుడు ఇంజెక్టర్లు లేకుండానే సెల్ఫ్‌తో ఐదు సెకన్లు తిప్పి, లోపలున్న ద్రవమంతా బయటికి కొట్టేయనివ్వండి. ఆ రంధ్రాల ముందు ఎవరూ ఉండకూడదు. కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి, స్టార్ట్ అయ్యాక అరగంట నడిపి ఆ ఆయిల్ కూడా పారబోయండి, దాంట్లో అసిటోనూ తుప్పూ కలిసి ఉంటాయి.

పెయింట్ బూత్:
సరిపోదండీ. విశాఖ తీరంలో వైర్ బ్రష్ ఒక్కటే నమ్ముకుంటే మరుసటి వానలకి పెయింట్ బొబ్బలెక్కుతుంది. తుప్పు గుంటల్లో ఉప్పు దాగి ఉంటుంది. బ్రష్ దాన్ని తీయదు, పైగా గుంటల్లోకి ఇంకా కూరుతుంది. ప్రైమర్ కింద ఉప్పు ఉంటే గాల్లో తేమని లాక్కుని కింది నుంచే తింటుంది.

కాబట్టి ముందు కడగాలి. ఉప్పగా ఉండే బోరు నీళ్లు వద్దు, జీవీఎంసీ (నగర కార్పొరేషన్) కుళాయి నీళ్లు గానీ వాన నీళ్లు గానీ వాడండి. బ్రష్, కడుగు, మళ్లీ బ్రష్, మళ్లీ కడుగు. ఆరగానే నారింజ రంగు తిరగడం చూస్తారు. అది పోయేదాకా ఎమరీ రాసి, థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే పూట ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. రాత్రి వదిలేసి పొద్దున్న వేద్దామంటే మొదటికొస్తుంది.

చిన్న ముక్కలకి, అంటే బ్రాకెట్లు, లివర్లు, సీటు ఫ్రేమ్ లాంటివాటికి కరెంటు పద్ధతి హాయి. 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో ఐదారు టేబుల్ స్పూన్ల చాకలి సోడా కలపండి. వంట సోడా కాదు. పాత రకం 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ క్లిప్ తుప్పు ముక్కకి, పాజిటివ్ క్లిప్ పనికిరాని ఇనప రేకుకి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి బురదై ఊడొస్తుంది. స్టీల్ గరిటెలూ గిన్నెలూ పాజిటివ్‌కి పెట్టొద్దు, స్టెయిన్‌లెస్ నుంచి విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, మూసిన గదిలో వద్దు. అల్యూమినియం ముక్కలు ఆ బకెట్‌లో వేస్తే కరిగిపోతాయి. స్ప్రింగులు, 10.9 అని గుర్తున్న బోల్టులు కూడా వేయకండి, హైడ్రోజన్ పట్టి పెళుసెక్కి తర్వాత విరుగుతాయి.

పెయింట్‌కి జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. గాలిలో తేమ 85 శాతం దాటితే డబ్బా మూత తీయొద్దు. హార్డనర్ కలిపే పెయింట్ అయితే మామూలు గుడ్డ మాస్కు ఆగదు, దాని ఆవిరి ఊపిరితిత్తులకి చేటు. సందేహముంటే సింథటిక్ ఎనామిల్ బ్రష్‌తో వేసుకోండి, ట్రాక్టర్‌కి అదేం తక్కువ కాదు.

మెరుస్తాయని స్టెయిన్‌లెస్ బోల్టులు కొనేవాళ్లున్నారు. అల్యూమినియం హౌసింగ్‌లో అవి బిగిస్తే ఉప్పుగాలికి బోల్టు బాగుంటుంది, చుట్టూ ఉన్న అల్యూమినియం తినేస్తుంది. జింక్ పూత బోల్టులే వాడి, మరలకి కాస్త యాంటీ సీజ్ (మర పట్టేయకుండా పూసే గ్రీజులాంటిది) పూయండి.

భీమిలి తోట:
ఆయిల్ సీళ్లు, బేరింగులు ఈ మోడల్‌వి దొరకడం లేదంటున్నారు.

గాజువాక లేత్:
మోడల్ పేరు చెప్పి అడిగితే అలాగే అంటారు. ఆటోనగర్‌లో నంబరు చెప్పి అడగండి. సీల్ మీద 35-52-7 అని ఉంటే షాఫ్టు 35, హౌసింగ్ 52, మందం 7 మిల్లీమీటర్లు. బేరింగ్ మీద 6205 ఉంటే లోపల 25, బయట 52, మందం 15, ఏ కంపెనీదైనా అంతే. అక్షరాలు అరిగిపోతే వెర్నియర్‌తో కొలిచి తీసుకెళ్లండి. కొత్త సీల్ వేసినా కారుతోందంటే షాఫ్టు మీద పాత సీల్ పెదవి గాడి కోసి ఉంటుంది. సీల్‌ని రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెడితే పెదవి కొత్త చోట ఆనుతుంది.

భీమిలి తోట:
స్టాప్ గుంజితే చుక్క రాలేదు, వదిలితే మూడు పైపుల్లోనూ వచ్చింది. ప్లైవుడ్ పట్టుకుని స్టార్ట్ చేశాం, బాగానే నడుస్తోంది. కానీ క్లచ్ తొక్కినా గేరు పడట్లేదు, గరగరమంటోంది. ఇదేటి మళ్లీ?

గాజువాక లేత్:
క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. ముందు పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పట్టేలోపు పెడల్ ఊరికే ఎంత దిగుతుందో చూడండి, లింకు వదులై ఉంటే అదే కారణం కావచ్చు. అది సరిగ్గా ఉంటే పెడల్ పూర్తిగా తొక్కి కర్రతో అడ్డం పెట్టి రెండు రోజులు వదిలేయండి. ఊడకపోతే ఇంజిన్ అరగంట వేడెక్కనిచ్చి ఆపండి. ముందు 50 అడుగుల ఖాళీ చూసుకుని, టాప్ గేరు వేసి, క్లచ్ తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టండి, బండి కదులుతుంది. స్టార్ట్ అయ్యాక క్లచ్ తొక్కే ఉంచి బ్రేకు గట్టిగా, విడతలు విడతలుగా నొక్కండి. చాలాసార్లు టప్పుమని ఊడుతుంది. క్లచ్ పెడల్ దగ్గర సేఫ్టీ స్విచ్ ఉన్న మోడల్ అయితే పెడల్ తొక్కకుండా సెల్ఫ్ పనిచేయదు. బ్రేకులు ముందే చూసుకోండి, మూడేళ్లు ఆగిన బండికి అవీ పట్టేసి ఉంటాయి, లేదా అసలు పట్టవు. ఇలా రెండుసార్లు చేసినా ఊడకపోతే మూడోసారి వద్దు, ఇంజిన్‌నీ గేర్‌బాక్సునీ వేరుచేసి బండిని రెండుగా విడగొట్టి ప్లేటు చూడాల్సిందే. విడగొట్టినప్పుడు క్లచ్ బేరింగ్, పైలట్ బేరింగ్, క్రాంక్ వెనక సీల్ మూడూ మార్చేయండి, మళ్లీ ఆ పని పెట్టుకోకుండా.