రాళ్లదారి బండికి ట్యూబ్ టైరా, ట్యూబ్‌లెస్సా?

గుట్టదారి:
పాత ఫోర్ బై ఫోర్ బండి, 15 అంగుళాల ఇనుప రిమ్ములు. ఇప్పుడున్న ట్యూబ్ టైర్లు అరిగిపోయాయి, ఆల్ టెర్రైన్ రేడియల్స్ కొత్త సెట్టు వేయించాలి. తిరిగేది ఎక్కువగా రాళ్లదారుల్లో, వానాకాలం బురదలో, అప్పుడప్పుడు ఏటి ఇసుకలో. తారురోడ్డు ప్రయాణమూ బాగానే ఉంటుంది. చూసిన టైర్లన్నిటి మీదా ట్యూబ్‌లెస్ అనే ఉంది. కొందరు ట్యూబ్ లేకుండానే ఎక్కించమంటున్నారు, కొందరు రాళ్లలో ట్యూబే భద్రం, ట్యూబ్‌లెస్ టైర్లోనే ట్యూబ్ పెట్టించమంటున్నారు. ఉన్న రిమ్ములకు ట్యూబ్‌లెస్ సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది? గాలి తగ్గించి నడిపినప్పుడు ఏది నిలబడుతుంది? ఊరికి దూరంగా పంక్చరైతే ఏది తేలిగ్గా బాగవుతుంది?

మట్టిచక్రం:
ముందు రిమ్ము సంగతి తేల్చుకోండి, టైరు మాట తర్వాత. టైరు విప్పించాక, బీడ్ (రిమ్ముకు ఆనుకునే టైరు గట్టి అంచు) కూర్చునే చోటు నుంచి రిమ్ము మధ్య పల్లం వైపు వేలు జరపండి. పల్లంలోకి దిగేముందు చుట్టూతా సన్నని గట్టు తగలాలి. దాన్నే హంప్ అంటారు. గాలి తక్కువగా ఉండి మలుపులో పక్క బరువు పడ్డప్పుడు బీడ్ పల్లంలోకి జారకుండా ఆపేది అదే. కొన్ని రిమ్ములకు బయటి వైపు మాత్రమే ఉంటుంది, కొన్నిటికి రెండు వైపులా. రెండు వైపులా ఉంటే రిమ్ము మీద సైజు పక్కన హెచ్2 అని గుద్ది ఉండొచ్చు. పాత ట్యూబ్ రిమ్ముల్లో చాలావాటికి గట్టే ఉండదు. అలాంటి రిమ్ముకు ట్యూబ్‌లెస్ ఎక్కిస్తే ఇంటి దగ్గర గాలి చక్కగా నిలుస్తుంది, 15 పీఎస్ఐతో రాళ్లలో తిప్పినప్పుడు బీడ్ ఊడుతుంది. అందుకే షాపులో గాలి ఆగింది కదా అని నమ్మకండి.

రెండోది, రిమ్ము నుంచే గాలి కారడం. మధ్య డిస్కును రివెట్లతో బిగించిన రిమ్ములైతే రివెట్ల దగ్గర కారొచ్చు. ఊచల చక్రాల్లో ఊచను రిమ్ముకు బిగించే ప్రతి నిపుల్ దగ్గరా కారుతుంది. బోల్టులతో కలిపిన రెండు ముక్కల రిమ్ములకు, టైరును విడి ఇనుప రింగుతో పట్టి ఉంచే లాక్ రింగ్ రిమ్ములకు మామూలుగా ట్యూబ్ తప్పనిసరి. మీవి ఒకే ముక్క ఇనుప రిమ్ములైతే బీడ్ కూర్చునే చోట తుప్పును ఇనుప బ్రష్‌తో లోహం కనబడేదాకా గీకి, పలుచగా ప్రైమర్, పెయింటు వేసి పూర్తిగా ఆరనివ్వండి. తుప్పు గుంటలు లోతుగా పడి ఉంటే ఆ రిమ్ము మార్చడమే మేలు.

బీడ్‌లాక్:
గాలి తగ్గించడం గురించి. బీడ్‌ను బిగించి పట్టే బీడ్‌లాక్ లేని రిమ్ముల మీద ఈ సైజు బండికి రాళ్లలో 15 నుంచి 18, ఇసుకలోనూ ఇంచుమించు అంతే, బురదలో 18 నుంచి 20 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. ఇసుకలో కూరుకుపోతే బయటపడేంత వరకు 12కి దించొచ్చు, అప్పుడు స్టీరింగు గట్టిగా తిప్పకూడదు. సామాను బరువు ఎక్కువుంటే అన్నిటికీ రెండు మూడు పాయింట్లు కలపండి. ఈ గాలితో గంటకు 30 కిలోమీటర్లు దాటకండి. తారురోడ్డెక్కే ముందే మళ్లీ పూర్తి గాలి కొట్టాలి. తక్కువ గాలిలో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) పదేపదే వంగి వేడెక్కుతుంది, ఆ వేడికే టైరు పొరలు విడిపోతాయి.

ఇదే గాలిలో లోపల ట్యూబ్ ఉంటే మూడు రకాలుగా దెబ్బతింటుంది. ఒకటి, రాయికీ రిమ్ము అంచుకూ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. రెండోది, ఇంజను లాగుడుకు టైరు రిమ్ము మీద కొంచెం జరుగుతుంది, దానితోపాటు ట్యూబూ జరుగుతుంది, వాల్వ్ మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని మొదలు దగ్గర చిరుగుతుంది. చిరిగిన వాల్వ్ మొదలుకు ప్యాచ్ పనిచేయదు, ట్యూబ్ మార్చాల్సిందే. ట్యూబ్ వాడేవాళ్లు టైరు మీద, రిమ్ము మీద కలిసేలా పెయింటుతో ఒక గీత గీసి పెట్టుకోండి. గీత విడిపోయినా వాల్వ్ పక్కకు వాలినా వెంటనే గాలి తీసి సరిచేయాలి. మూడోది రాపిడి. ట్యూబ్‌లెస్ టైరు లోపలి గోడ ట్యూబ్ కోసం నున్నగా చేసింది కాదు. గరుకు గీతలుంటాయి, తయారీ స్టిక్కర్లు అంటుకుని ఉంటాయి. రేడియల్ సైడ్‌వాల్ వంగిన ప్రతిసారీ అవి ట్యూబును ఒరుసుకుంటాయి.

ట్యూబ్‌లో మేకు దిగితే గాలి వాల్వ్ రంధ్రం నుంచీ బీడ్ పక్కల నుంచీ ఒక్కసారిగా పోతుంది. ట్యూబ్‌లెస్‌లో టైరు లోపల అతికిన బ్యూటైల్ రబ్బరు పొర మేకును పట్టుకుని ఉంటుంది, మేకు పీకకపోతే చాలాసార్లు గంటల తరబడి మెల్లగా దిగుతుంది. రోడ్డు వేగంలో ప్రాణం కాపాడే తేడా ఇదే. రిమ్ము బాగుంటే ట్యూబ్‌లెస్‌కే నా ఓటు, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

కంకరబాట:
పైన చెప్పినవాటితో ఏకీభవిస్తాను. కానీ ట్యూబును పూర్తిగా కొట్టిపారేయకండి. లాక్ రింగ్ రిమ్ములున్న పాత బరువు బండ్లు నెమ్మదిగా తిరిగేచోట ట్యూబ్, ఫ్లాప్‌లతోనే (ఫ్లాప్ అంటే ట్యూబుకూ రిమ్ముకూ మధ్య వేసే రబ్బరు పట్టీ) ఏళ్లుగా పనిచేస్తున్నాయి. వంగిన రిమ్ముతో కూడా నడుస్తాయి, కాలిపంపుతో కూడా గాలి ఎక్కుతుంది. ట్యూబ్‌లెస్ బీడ్ ఊడితే కాలిపంపు ఎందుకూ పనికిరాదు, కంప్రెసర్ ఉండాల్సిందే. లాక్ రింగ్ రిమ్ముల విషయంలో మాత్రం ప్రాణాపాయం ఉంది. వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం పోయిందని నిర్ధారించుకునేదాకా రింగును ముట్టుకోవద్దు. గాలి ఎక్కుతుండగా రింగును సుత్తితో కొట్టకూడదు, దాని ఎదురుగా నిలబడకూడదు. రెండు ముక్కల రిమ్ములోనూ ముక్కల్ని కలిపే బోల్టులు గాలి ఉండగా విప్పకూడదు.

ప్లగ్గుపెట్టె:
బాగుచేయడం సంగతి నేను చెప్తాను. నడక భాగంలో (నేలకు తగిలే చోట) మేకు దిగితే చక్రం విప్పకుండానే పని అయిపోతుంది. సబ్బు నీళ్లు చల్లి బుడగలు వచ్చేచోటు చూడండి. మేకు ఏ వాలున దిగిందో గమనించి పీకండి, ఆకురాయి సూదిని అదే వాలున ఐదారుసార్లు దించి తీయండి. కొత్తవాళ్లు నిటారుగా పొడుస్తారు, దాంతో రెండో రంధ్రం తయారవుతుంది. ప్లగ్గును (రంధ్రం పూడ్చే జిగురు రబ్బరు పట్టీ) రెండో సూది కంట్లో దూర్చి, రబ్బరు సిమెంటు పూసి, రెండు కొసలూ సెంటీమీటరు పైగా బయట మిగిలేదాకా తోసి, ఆ సూదిని ఒక్క ఊపున లాగాలి. రంధ్రం పెద్దదైతే రెండు మూడు ప్లగ్గులు పెట్టండి. రంధ్రం 6 మిల్లీమీటర్లు దాటినా, భుజం (నడక భాగం, సైడ్‌వాల్ కలిసే చోటు) మీదో సైడ్‌వాల్ మీదో ఉన్నా ప్లగ్గు ఇల్లు చేరడానికే. చిన్న రంధ్రమైనా తర్వాత టైరు విప్పించి లోపలి నుంచి ప్యాచ్ వేయించాలి.

బీడ్ ఊడితే జాక్ మీద లేపి, బీడ్‌లోని ఇసుక, మట్టి నీళ్లతో కడిగేయండి. సబ్బు నీళ్లు పూసి, వాల్వ్ పిన్ను తీసేసి గాలి పట్టండి, పిన్ను లేకపోతే గాలి ఎక్కువ ధారగా వెళ్తుంది. ఇంకా పట్టకపోతే నడక భాగం చుట్టూ మధ్యలో రాట్చెట్ పట్టీ వేసి బిగిస్తే బీడ్ బయటికి ఉబ్బి రిమ్ముకు ఆనుకుంటుంది. ఆనుకుని గాలి నిలవడం మొదలవగానే పట్టీ వదులు చేయాలి. 40 పీఎస్ఐ దాకా వచ్చినా బీడ్ కూర్చోకపోతే ఆపి, గాలి తీసి, మళ్లీ సబ్బు పూసి మొదలుపెట్టండి. మండే స్ప్రే కొట్టి నిప్పు అంటించే పద్ధతి వీడియోల్లో చూస్తుంటారు, అది చేయకండి. మనిషి చేతులు, ముఖం పోయే పని.

రాయికి సైడ్‌వాల్ కోసుకుపోతే మాత్రం ట్యూబ్‌లెస్ బండికీ ట్యూబే దిక్కు. స్టెప్నీ కూడా వాడేసి ఉంటే, కోత మీద లోపలి వైపు మందపాటి రేడియల్ ప్యాచ్ గానీ పాత టైరు ముక్క గానీ అడ్డుపెట్టి, టాల్కం పౌడరు రాసిన ట్యూబ్ వేయండి. కొంచెం గాలి కొట్టి, తీసేసి, మళ్లీ కొట్టాలి. ముడతలు పోతాయి, లేదంటే ముడత దగ్గరే ట్యూబ్ తెగుతుంది. ట్యూబ్ దూర్చాలంటే ముందు రిమ్ములోని రబ్బరు వాల్వ్ కోసి తీయాలి, అది మళ్లీ పనికిరాదు. అందుకే బండిలో సైజుకు సరిపోయే రేడియల్ ట్యూబ్ ఒకటి, కొత్త రబ్బరు వాల్వులు రెండు, వాల్వ్ లాగే కడ్డీ, టైరు లీవర్లు పెట్టుకోండి.

గుట్టదారి:
చాలా థ్యాంక్సండి. ఒక టైరు విప్పించి చూశాను. గట్టు రెండు వైపులా ఉంది, రివెట్లు లేవు. ఒక రిమ్ము అంచు లోపలికి కొద్దిగా వంగింది. వాల్వ్ రంధ్రం మాత్రం మామూలు కార్లకంటే పెద్దగా ఉంది, కొలిస్తే 16 మిల్లీమీటర్ల లోపు వచ్చింది.

మట్టిచక్రం:
అయితే ట్యూబ్‌లెస్ నిశ్చింతగా వేయించుకోండి. ఇనుప రిమ్ము కాబట్టి ఆ వంపు సుత్తితో సరిచేయొచ్చు, తర్వాత అక్కడ పగులు ఉందేమో చూసి, గాలి కొట్టించి నీళ్ల తొట్టిలో ముంచి పరీక్షించండి. అల్లాయ్ అయితే ఇలా కొట్టొద్దు, పగులుతుంది.

వాల్వ్ రంధ్రాలు మామూలుగా రెండు కొలతల్లో ఉంటాయి, 11.3, 15.7 మిల్లీమీటర్లు. మీది రెండోది. దానికి టీఆర్ 415 రబ్బరు వాల్వ్ సరిపోతుంది. టీఆర్ 413 చిన్న రంధ్రానిది, మీ దాంట్లో వదులుగా ఉంటుంది. రాళ్లలోనే ఎక్కువ తిరుగుతారు కాబట్టి నట్టుతో బిగించే లోహపు వాల్వ్ పొట్టి సైజులో తీసుకోండి, బయటికి పొడుచుకొస్తే రాయి తగిలి విరుగుతుంది. అత్యవసరానికి పెట్టుకునే ట్యూబ్ టీఆర్ 15 వాల్వ్‌తో అడగండి. టీఆర్ 13 ట్యూబే దొరికితే, వాల్వ్ చుట్టూ వేసే రబ్బరు బుష్ కూడా కొనండి. అది లేకపోతే పెద్ద రంధ్రంలో వాల్వ్ ఊగి మొదలు దగ్గర రిమ్ము అంచు కోసేస్తుంది.