ఈస్ట్ క్లేర్ 1917: అది సానుభూతి ఓటా, తెలిసి వేసిన ఓటా?

క్లేర్‌తెలుగు:
ఐర్లండ్ చరిత్ర మీద ఎక్కడ చర్చ జరిగినా 1917 జూలై నాటి ఈస్ట్ క్లేర్ ఉప ఎన్నికని "ఈస్టర్ తిరుగుబాటు తర్వాత వచ్చిన సానుభూతి గాలి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు (1916లో బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో లేచిన తిరుగుబాటు అది, దాని నాయకులకి మరణశిక్షలు పడ్డాయి), నేను దాన్ని ఒప్పుకోను. ఆ సీటు ఎలా ఖాళీ అయిందో చూడండి. 1892 నుంచి అక్కడ ఎంపీ విల్లీ రెడ్మండ్, లండన్ పార్లమెంటు ద్వారానే ఐర్లండ్‌కి స్వపరిపాలన కోరే ఐరిష్ పార్లమెంటరీ పార్టీ నాయకుడు జాన్ రెడ్మండ్‌కి సొంత తమ్ముడు. యాభై దాటిన వయసులో సైన్యంలో చేరి 1917 జూన్ 7న మొదటి ప్రపంచ యుద్ధంలో భాగమైన మెసీన్ పోరులో ప్రాణం వదిలాడు. గాయపడి పడి ఉంటే మోసుకెళ్లినవాళ్లు అల్‌స్టర్ డివిజన్ సైనికులు, అంటే రాజకీయంగా ఆయనకి బద్ధ వ్యతిరేకులైన ప్రాంతంవాళ్లు. సిట్టింగ్ సభ్యుడు ఇలా వీరమరణం పొందితే సానుభూతి ఎటుండాలి? ఆయన పార్టీ వైపే కదా! కానీ ఆ పార్టీ అభ్యర్థి పాట్రిక్ లించ్‌కి వచ్చినవి 2,035 ఓట్లు, పూర్తి స్వాతంత్ర్యం కోరే షిన్ ఫేన్ పార్టీ తరఫున నిలబడ్డ, తిరుగుబాటులో పాల్గొని జైలుకెళ్లొచ్చిన ఈమన్ డి వలేరాకి 5,010. రెండింతలు దాటిన తేడా ఇది. పైగా డి వలేరా ఎక్కడా మాట దాచలేదు. గెలిచినా లండన్ పార్లమెంటులో అడుగు పెట్టను, మన కేసు యుద్ధం తర్వాత జరిగే శాంతి సమావేశం ముందు పెడదాం అని సభల్లో చెప్పాడు. అది విన్నాకే జనం ఓటేశారు.

ఓట్లలెక్క:
లెక్కలు సరే గానీ అండీ, ఆ లెక్కల వెనకున్న పరిస్థితి కూడా చెప్పాలి కదా. ఈస్ట్ క్లేర్‌లో పాత పార్టీ, అంటే రెడ్మండ్‌ల పార్టీ, ఏళ్ల తరబడి పోటీ లేకుండానే గెలుస్తూ వచ్చింది. పోటీ లేని చోట కేడర్ ఉండదు, ఇల్లిల్లూ తిరిగేవాళ్లుండరు, యంత్రాంగం తుప్పు పట్టిపోతుంది. లించ్ స్థానికుడే, మంచి లాయరే, కానీ ప్రభుత్వం తరఫున కేసులు వాదించిన మనిషి. 1916 మరణశిక్షలు జరిగిన మరుసటి ఏడాదే అలాంటివాణ్ణి నిలబెడితే ఏమవుతుంది? దానికి తోడు 1916 వేసవిలో బ్రిటిష్ మంత్రి లాయిడ్ జార్జ్‌తో బేరసారాల్లో జాన్ రెడ్మండ్ ఉత్తరాన అల్‌స్టర్‌లోని ఆరు జిల్లాలని స్వపరిపాలన నుంచి తాత్కాలికంగా పక్కన పెట్టడానికి తలూపాడు, ఆ కోపం అప్పటికింకా పచ్చిగానే ఉంది. కాబట్టి ఇది పాత పార్టీకి పడ్డ శిక్ష. శిక్ష వేసినంత మాత్రాన రిపబ్లిక్ కావాలన్నట్టు కాదు. అసలు షిన్ ఫేన్ కూడా 1917 అక్టోబర్ మహాసభలో ఏం తీర్మానించింది? ముందు రిపబ్లిక్‌గా గుర్తింపు తెచ్చుకుందాం, ఆ తర్వాత ఎలాంటి ప్రభుత్వం కావాలో జనమే రెఫరెండంలో తేల్చుకుంటారు అంది. పార్టీకే అక్టోబర్ దాకా స్పష్టత లేకపోతే జూలైలో క్లేర్ రైతుకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

గిరిగారి అభిమాని:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, ఈ కాలం మీద నాకు ఆసక్తి పుట్టిందే వి.వి.గిరి గారి వల్ల. బరంపురం నుంచి 1913లో డబ్లిన్‌కి లా చదవడానికి వెళ్లి, తిరుగుబాటు తర్వాత 1916లో దేశం వదిలి పొమ్మని ఆదేశాలొస్తే తిరిగొచ్చేశారు. ఈ ఎన్నిక ఆయన వెళ్లిపోయిన మరుసటి ఏడాదిది. నా అనుమానం ఒకటే. ఆ 7,045 ఓట్లు వేసినవాళ్లెవరు? ఆడవాళ్లకి ఓటు లేదు, కుర్రాళ్లలో చాలామందికి లేదు. యుద్ధం వల్ల జాబితా కూడా పాతదే. మరి దాన్ని జనాభిప్రాయం అనొచ్చా?

క్లేర్‌తెలుగు:
గిరిగారి అభిమాని గారూ, మీ ప్రశ్న నా వాదనకే బలం. షిన్ ఫేన్‌కి ఊపు ఎవరిలో ఉంది? కుర్రాళ్లలో. వాళ్లకి ఓటే లేని జాబితాతో, ఎక్కువగా ఇంటి పెద్దలైన మగవాళ్లు వేసిన ఓట్లతో ఈ ఫలితం వచ్చింది. ఆవేశంలో వేసేశారనడానికి వీల్లేని ఓటర్లు వాళ్లు.

ఇక సానుభూతి సంగతి. అదే ఏడాది మే నెలలో సౌత్ లాంగ్‌ఫర్డ్‌లో షిన్ ఫేన్ అభ్యర్థి జైల్లో ఉన్నాడు, ఆయన్ని బయటికి తేవాలంటే గెలిపించండని అడిగారు. ఎంత మెజారిటీ? 37 ఓట్లు! జూన్‌లో ప్రభుత్వం ఖైదీలందర్నీ వదిలేసింది, ఐర్లండ్ పాలన మీద రాజీ కోసం తను పెట్టబోయే ఐరిష్ కన్వెన్షన్ అనే సమావేశానికి వాతావరణం చల్లబడాలని. అంటే క్లేర్‌కి వచ్చేసరికి డి వలేరా స్వేచ్ఛగా తిరుగుతున్న మనిషి, జైలు నుంచి విడిపించండి అని అడగడానికి లేదు. అలాంటప్పుడు 2,975 మెజారిటీ వచ్చింది. క్లేర్‌లోని ఎన్నిస్ పట్టణంలో కోర్టు మెట్ల మీద, తిరుగుబాటులో పోరాడిన ఐరిష్ వాలంటీర్ల యూనిఫామ్ వేసుకుని నిలబడి మాట్లాడాడాయన. ఆ యూనిఫామ్ చూస్తూ కూడా ఈ మనిషి ఏం కోరుతున్నాడో ఓటరుకి తెలియలేదనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ కోర్టు బయట ఇప్పుడు ఆయన విగ్రహం ఉంది. ఎన్నిస్ నడిబొడ్డున ఓ'కానెల్ స్తంభం ఉంది, 1828లో ఇదే క్లేర్ కౌంటీ 2,057–982తో గెలిపించిన కాథలిక్ నాయకుడాయన. అప్పుడు కూడా జమీందార్ల మాట కాదని ఓటేసింది ఈ రైతులే, అందుకు శిక్షగా మరుసటి ఏడాది ఏడాదికి నలభై షిల్లింగుల విలువ చేసే భూమి ఉన్న చిన్న రైతుల ఓటు హక్కు తీసేశారు. క్లేర్ ఓటరుకి ఓటు విలువ ఎవరూ నేర్పక్కర్లేదు.

ఓట్లలెక్క:
1828 దాకా వెళ్లారు గానీ 1918 మొదటి నాలుగు నెలలు వదిలేశారు. ఫిబ్రవరిలో సౌత్ ఆర్మా, మార్చిలో వాటర్‌ఫర్డ్, ఏప్రిల్‌లో ఈస్ట్ టైరోన్, మూడు ఉప ఎన్నికల్లో వరసగా షిన్ ఫేన్ ఓడిపోయింది. క్లేర్ తీర్పు దేశం తీర్పే అయితే ఆ మూడూ ఎందుకు పోయాయి? బలవంతంగా సైన్యంలోకి తీసుకుంటామని బ్రిటిష్ ప్రభుత్వం ఏప్రిల్‌లో ప్రకటించాకే అసలు గాలి తిరిగింది. డిసెంబర్‌లో 105 సీట్లకి 73 గెలిచారు సరే, అందులో 25 చోట్ల పోటీయే లేదు, పోలైన ఓట్లలో వాళ్ల వాటా సగానికి తక్కువ. ఈస్ట్ క్లేర్ కూడా అప్పుడు ఏకగ్రీవమే, అక్కడ జనం మనసు మళ్లీ కొలిచే అవకాశమే రాలేదు.

క్లేర్‌తెలుగు:
ఆ మూడింటిలో రెండు అల్‌స్టర్‌వి, అక్కడ పాత పార్టీకి స్థానిక సంఘాల బలం వేరు. వాటర్‌ఫర్డ్ అయితే జాన్ రెడ్మండ్ సొంత సీటు, ఆయన మార్చిలో పోయాక కొడుకు నిలబడి గెలిచాడు. సానుభూతి ఓటు అంటే అదండీ! తమ్ముడి సీటులో ఎనిమిది నెలల ముందు ఆ సానుభూతి ఎందుకు పని చేయలేదన్నదే నేను మొదట్నుంచి అడుగుతున్నది. ఇక డిసెంబర్‌లో ఏకగ్రీవం గురించి... ఈస్ట్ క్లేర్‌లో మళ్లీ నిలబడే ధైర్యం పాత పార్టీకి లేకపోవడానికి కారణమే 1917 జూలై. అదే డిసెంబర్‌లో డి వలేరా ఈస్ట్ మేయోలో ఆ పార్టీ నాయకుడు జాన్ డిల్లన్‌నే ఓడించాడు, కానీ బెల్‌ఫాస్ట్ ఫాల్స్‌లో అదే పార్టీకి చెందిన జో డెవ్లిన్ చేతిలో ఓడిపోయాడు. అంటే ఆయన పేరు చూసి ఎక్కడపడితే అక్కడ వేసేయలేదు. క్లేర్ మాత్రం 1922లో ఈ ఈస్ట్ క్లేర్ నియోజకవర్గమే లేకుండా పోయాక కూడా ఆయన్ని వదల్లేదు, 1959లో అధ్యక్షుడయ్యేదాకా గెలిపిస్తూనే వచ్చింది.

ఓట్లలెక్క:
వాటర్‌ఫర్డ్ పాయింట్ బాగుంది. కానీ 1959 దాకా గెలవడం మనిషి మీద నమ్మకం, 1917లో రిపబ్లిక్ మీద తీర్పుకి అది రుజువు కాదు. పాత పార్టీ కాస్త పని చేసే కేడర్‌తో, ప్రభుత్వ లాయరు కాని అభ్యర్థితో బరిలో దిగి ఉంటే ఆ 2,975 ఎంతకి తగ్గేదో మీ అంచనా చెప్పండి, అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.