బీకాం తర్వాత కొరియన్ నేర్చుకోవడం లాభమా, టైం వేస్టా?

హిందూపురం బీకాం:
మా తమ్ముడు బీకాం ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. పెనుకొండ దగ్గర కియా 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది, చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలూ వచ్చాయి కదా. వాటిలో ఉద్యోగం కోసం ఏడాది పాటు కొరియన్ నేర్చుకుంటానంటున్నాడు. నాన్నేమో ఆ ఏడాది ట్యాలీ, జీఎస్టీ గట్టిగా నేర్చుకుంటే ఎక్కడైనా బతకొచ్చంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రీసిటీ షిఫ్ట్:
నాన్నగారి మాటే కరెక్ట్. నేను ఆరేళ్లుగా ఓ జపాన్ కంపెనీలో చేస్తున్నాను. మెయిల్స్, డ్రాయింగులు అన్నీ ఇంగ్లీషులోనే. మిగతాది ఫోన్‌లో యాప్ చెబుతుంది. మా దగ్గర దుబాసీగా చేరినాయన ఇప్పటికీ దుబాసీయే. ఆయన తర్వాత స్టోర్స్‌లో చేరినవాళ్లు మేనేజర్లయ్యారు.

పర్చేజ్ అక్క:
ఇందులో సగం ఒప్పుకుంటాను. యాప్ సంగతి మాత్రం ఒప్పుకోను. ఓ కొరియన్ విడిభాగాల కంపెనీలో నాలుగేళ్లు పర్చేజ్ చూశాను. చేరిన కొత్తలో, అట్టపెట్టెలు సప్లై చేసే ఆయన పెద్ద ఆర్డర్ కోసం వచ్చాడు. ఆయన చెబుతున్నంతసేపూ మా కొరియన్ మేనేజర్ "నే, నే" అంటూ తలూపారు. 'నే' అంటే అవును అని నాకు తెలుసు. చివర్లో మేనేజర్ అన్నదాన్ని యాప్ "పరిశీలించి చూస్తాం" అని చూపించింది. ఇద్దరం సంతోషించాం. ఆయన ఆ నమ్మకంతో అప్పు చేసి మరీ అట్ట తెప్పించుకున్నాడు. మూడు వారాలైనా ఆర్డర్ రాలేదు.

తర్వాత తెలిసింది. ఆ "నే, నే" మన "ఊఁ, ఊఁ" లాంటిది. వింటున్నానని చెప్పడమే, ఒప్పుకున్నట్టు కాదు. ఆ "పరిశీలించి చూస్తాం" మన "చూద్దాం లెండి". పెళ్లి సంబంధం అడగడానికి వెళ్లినప్పుడు అవతలివాళ్లు "చూద్దాం లెండి" అంటే మనకెవరైనా విడమరచి చెప్పాలా? యాప్ మాటకు మాట సరిగ్గానే చెప్పింది. ఆ మాట వెనకున్న 'వద్దు' దానికి వినపడలేదు, నాకూ వినపడలేదు. అట్ట బిల్లు పట్టుకుని ఆఫీసులో నిలబడ్డ ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ వారమే కొరియన్ మొదలుపెట్టాను.

మనవాళ్లకు అదంత పరాయిగా ఉండదు. క్రియ వాక్యం చివరే వస్తుంది, విభక్తులు మనలాగే మాటకు అతుక్కుంటాయి. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవరు, హోదాకు 'నిమ్' చేర్చి 'బుజాంనిమ్' అంటారు, మన 'గారు' లాగే. రెండేళ్లకు, బిల్లులో కోత పెడుతూ డెబిట్ నోట్ ఎందుకు వేశామో కొరియా హెడాఫీసుకు ఫోన్‌లో నేరుగా చెప్పగలిగాను. అప్పటినుంచి దిగుమతి ఫైళ్లు నా టేబుల్ మీదకు వచ్చాయి. అయితే ఎల్‌సీ (దిగుమతి చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం), కస్టమ్స్ డ్యూటీ తెలియకపోతే అక్కడ నేను చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

శ్రీసిటీ షిఫ్ట్:
అక్కా, నేనన్నదీ అదే కదా. ముందు పని తెలియాలి. పైగా రేపు కొరియన్లు బాధ్యతలు ఇక్కడివాళ్లకే అప్పగించి వెళ్లిపోతే ఆ భాషతో ఏం చేసుకోవాలి? జీఎస్టీ రిటర్నులు మాత్రం ప్రతి కంపెనీకీ వేయాల్సిందే.

పర్చేజ్ అక్క:
ఆ భయం నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ పది గంటలు ఫ్యాక్టరీలో ఉండి, రాత్రి పుస్తకం తీయడం ఎంత కష్టమో నేను పడ్డాను. తమ్ముడికి ఇప్పుడున్న తీరిక మళ్లీ దొరకదు. ఉదయం ట్యాలీ, సాయంత్రం కొరియన్ పెట్టుకోమనండి. కొరియన్ ఎంత వచ్చో చూసే టోపిక్ అనే పరీక్ష ఉంది, దాని మొదటి పరీక్షలో 200కు 140 వస్తే రెండో లెవల్ ఇస్తారు. అందులో వినడం, చదవడమే ఉంటాయి, మాట్లాడించరు. స్కోరు కూడా రెండేళ్లే చెల్లుతుంది. సర్టిఫికెట్ ఉండి మీటింగ్‌లో నోరు పెగలనివాళ్లను చాలామందిని చూశాను.

హిందూపురం బీకాం:
అన్నీ నాన్నకు చదివి వినిపించాను. అట్టపెట్టెల సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. ట్యాలీ ఫీజు రేపు కడుతున్నాం. తమ్ముడు అప్పుడే కొరియన్ అక్షరాలు 24 రాసి గోడకు అంటించేశాడు. అక్కా, మా ఊళ్లో వాడితో కొరియన్‌లో మాట్లాడేవాళ్లెవరూ లేరు. మీరు మాట్లాడటం ఎలా ప్రాక్టీస్ చేశారు?